మంచు మీద నెట్టిన చావు

మంగళవారం ఉదయం తొమ్మిదీ నలభైకి గార్డన్ హాగ్లండ్ శవం బయటపడింది.

కుర్చీలోనే ఉన్నాడు. కాళ్ళు స్టూలు మీద చాపుకున్నాడు. ఒళ్ళో దుప్పటి. ఎదురుగా టీవీ మోగుతూనే ఉంది. మొహం మాత్రం ఎండలో తిరిగొచ్చినవాడి మొహంలా ఎర్రగా ఉంది.

కౌంటీ షెరీఫ్ ఆఫీసు ఇన్వెస్టిగేటర్ ఆర్డిస్ ఫాస్‌కి ఆ ఎరుపు తెలుసు. కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. నిద్ర వచ్చినట్టే వస్తుంది.

ఆమె వచ్చేసరికి పదీ ఐదు. ఫైర్ వాళ్ళు అప్పటికే కిటికీలన్నీ తెరిచేశారు. బయట సున్నాకి కింద పద్దెనిమిది. ఇంట్లో మాట్లాడితే నోట్లోంచి ఆవిరి వస్తోంది.

ఫైర్ చీఫ్ వెండెల్ ఆమెను చెయ్యి పట్టుకుని లాక్కెళ్ళినంత పని చేసి, ఇంటి పక్కగోడ చూపించాడు.

"అదిగో నీ హంతకుడు. మంచు."

గోడలోంచి రెండు తెల్ల ప్లాస్టిక్ గొట్టాలు బయటికి రావాలి. ఇల్లు వెచ్చబెట్టే కొత్తరకం ఫర్నేసుకి ఊపిరి ఆ గొట్టాలే. ఒకటి గాలి పీలుస్తుంది, ఒకటి పొగ వదులుతుంది. రాత్రి గాలికి మంచు అక్కడ నడుమెత్తు పేరుకుంది. నిలబడి చూస్తే గొట్టాలు కనపడటం లేదు.

"ఊపిరాడక పొగ ఇంట్లోకే తన్నింది," అన్నాడు వెండెల్. "ముప్ఫై ఏళ్ళు ఊరందరికీ ఫర్నేసులు బిగించినవాడు, తన గొట్టాల మీద మంచు తీసుకోలేకపోయాడు. రాసేయ్, ప్రమాదం."

ఆర్డిస్ రాయలేదు. మోకాళ్ళ మీద కూర్చుని చూసింది.

మంచులో ఒక చోట గుంట ఉంది. కుక్క ముడుచుకు పడుకుని లేచినంత గుంట. అంచులు కరిగి, మళ్ళీ గడ్డకట్టి, గాజులా మెరుస్తున్నాయి. ఆ గుంట అడుగున తెల్ల గొట్టం మూతి.

ఆమె పల్లెలో, పశువుల కొట్టం పక్కన పెరిగింది. మంచు కప్పేసినా ఆవు ఎక్కడ పడుకుందో ఊపిరి చేసిన కన్నం చూసి చెప్పేవాళ్ళు. ఊపిరి ఆగితే కన్నం ఉండదు.

ఈ గొట్టానికి రాత్రంతా ఊపిరి ఆడింది.

శవాన్ని చూసింది పక్కింటి మావిస్. డెబ్బై నాలుగేళ్ళు. గార్డన్ ఊళ్ళో లేనప్పుడు పైపులు గడ్డకట్టకుండా ఇల్లు చూసిపెట్టేది ఆవిడే. అందుకని తాళంచెవి ఆవిడ దగ్గర ఉంది. ఇప్పుడు తన వంటింట్లో తలనొప్పికి తడిగుడ్డ కట్టుకుని కూర్చుంది.

"ఎన్నింటికి వెళ్ళారు?"

"తొమ్మిదిన్నర దాటింది. సోమవారం సాయంత్రం ఆరింటికి వాడి బండి వచ్చింది, చేపలకని వెళ్ళిన సరస్సు నుంచి. పొద్దున వాకిట్లో మంచు తియ్యలేదు. అదేం జబ్బురా వీడికి అని వెళ్ళాను."

"తలుపు తీశాక?"

"ఏం కనపడలేదే తల్లీ. కళ్ళద్దాలు ఆవిరి పట్టేశాయి. తుడుచుకున్నాక చూస్తే... ఇంకేముంది."

ఆర్డిస్ పెన్ను ఆగింది. "ఇల్లు వెచ్చగా ఉందన్నమాట."

"కుంపట్లా ఉంది."

"గార్డన్‌తో మీకు పడదని విన్నాను."

"ఎందుకు పడుతుంది? డిసెంబర్లో వచ్చి, నా ఫర్నేసుకి పగులు వచ్చిందన్నాడు. వాడద్దని ఎర్ర చీటీ కట్టి గ్యాస్ కట్టేశాడు. నిక్షేపంలాంటి ఫర్నేసు! చలికి చచ్చి కొత్తది పెట్టించుకున్నాను. వాణ్ణి తిట్టని రోజు లేదు. అలాగని చంపుతానా? తిట్టుకోవడానికి మనిషి ఉండద్దూ?"

తడిగుడ్డ తిరగేసుకుంది.

"పాపం తగిలింది. ఆ పెట్రికా పిల్లలాగే పోయాడు. లొరేన్. గుర్తుందా? మంచు తియ్యడానికి బద్ధకించి, ఆరేళ్ళ కూతురి ప్రాణం తీసింది. ఏం తల్లో!"

ఆర్డిస్‌కి గుర్తుంది. గుర్తుండకేం!

పదకొండేళ్ళ కిందట, ఫిబ్రవరిలో. లొరేన్ పెట్రికా స్కూలు బస్సు నడిపేది. కొత్త ఫర్నేసు పెట్టించుకున్న మూడు వారాలకే తల్లీకూతుళ్ళు ఒకే మంచం మీద చనిపోయారు. బిగించింది గార్డన్. "గొట్టాల మీద మంచు తియ్యలేదు, నేను చెప్పే వెళ్ళాను," అన్నాడు. అప్పుడు ఆర్డిస్ ఉద్యోగంలో చేరి ఏడాది. అతను చెప్పింది చెప్పినట్టు రాసి సంతకం పెట్టింది. ఇంటి యజమానురాలి నిర్లక్ష్యం. ఊరు ఆ మాట పట్టుకుంది. ఇప్పటికీ వదల్లేదు.

ఆ లొరేన్‌కి ఒక తమ్ముడున్నాడు.

ఒంటిగంటకి ఆర్డిస్ గార్డన్ షాపుకి వెళ్ళింది. లైల్ పెట్రికా ఒక్కడే ఉన్నాడు. అక్క పోయేనాటికి పాలట్యాంకరు తోలేవాడు. ఆ మరుసటి ఏడు ఫర్నేసుల పని నేర్చుకున్నాడు. ఆరేళ్ళుగా గార్డన్ దగ్గరే. షాపులో పనివాడు ఇతనొక్కడే.

రేకు వంచుతున్నాడు. తల ఎత్తలేదు.

"విన్నాను," అన్నాడు.

"అక్కని చంపిన పనివాడి దగ్గర ఎలా చేశావు లైల్?"

"మంచు చంపిందని మీరేగా రాశారు మేడమ్?"

ఆమె ఆ దెబ్బ ఓర్చుకుంది. "ఇప్పుడూ మంచే అంటున్నాడు వెండెల్. రేపు అలాగే రాసేస్తాం."

రేకు మీద చెయ్యి ఆగిపోయింది.

"మంచు కాదు."

"ఎలా చెప్తున్నావు?"

"కొత్త ఫర్నేసు గొట్టం మూసుకుంటే ఫర్నేసు ఆగిపోతుంది. లోపల స్విచ్ ఉంటుంది. గాలి ఆడకపోతే మంట వెలగనివ్వదు. ఇల్లు చల్లబడుతుంది, అంతే. చలికి లేచి నన్ను తిడుతూ ఫోన్ చేస్తారు. ఎవరూ చావరు. పాత పొయ్యిలాంటి ఫర్నేసుల కాలపు మాట పట్టుకుని వేలాడతాడు వెండెల్."

"మరి మీ అక్క ఇంట్లో?"

"అక్కడా అంతే. అదే స్విచ్."

గ్లవ్స్ తీసి బల్ల మీద పెట్టాడు. అప్పుడు మొదటిసారి ఆమె మొహంలోకి చూశాడు.

"అడగడానికి పదకొండేళ్ళు పట్టింది మీకు."

ఆమె బయటికి వచ్చి బండిలో కూర్చుంది. తాను రాసిన నాలుగు వాక్యాలు అబద్ధం. ఒక చచ్చిపోయిన తల్లి మీద ఆ అబద్ధం పదకొండేళ్ళుగా కూర్చుని ఉంది.

బుధవారం పొద్దున ఎనిమిదింటికి కౌంటీ ఆఫీసులో ఫర్నేసు పర్మిట్ల డ్రాయర్ తీయించింది. రెండు కాగితాలు చూసింది. తరవాత పది గంటలకి ఒక్కతే గార్డన్ ఇంటి బేస్‌మెంట్‌లోకి దిగింది. గంటన్నర ఉంది. పైకి వచ్చాక సరస్సు దగ్గర చేపల ఎర అమ్మే దుకాణానికి ఒక ఫోన్ చేసింది.

రెండు గంటలకి ముగ్గుర్నీ ఆ బేస్‌మెంట్‌కే పిలిపించింది. వెండెల్, మావిస్, లైల్. మావిస్ మెట్లు దిగుతూ గొణిగింది.

"గుమ్మడికాయల దొంగ అంటే నేను భుజాలు తడుముకోనమ్మాయ్, ముందే చెప్తున్నా."

"కూర్చోండి మావిస్ గారూ. వెండెల్, ఈ ఇల్లు మంగళవారం పొద్దున వెచ్చగా ఉంది. మావిస్ గారి కళ్ళద్దాలు సాక్ష్యం. పద్దెనిమిది కింద చలిలో ఫర్నేసు ఆగితే ఇల్లు మూడు గంటల్లో మంచుగడ్డ. ఇది ఆగలేదు. బయట మంచులో దాని ఊపిరి చేసిన కన్నం కూడా ఉంది. కాబట్టి విషం ఫర్నేసుది కాదు."

"మరెక్కడిది?" అన్నాడు వెండెల్.

ఆర్డిస్ మూలకి చూపించింది. గ్యాస్ మంటతో నీళ్ళు కాచే నిలువెత్తు వాటర్ హీటర్. దాని పొగగొట్టం వెనక ఇటుకల చిమ్నీలోకి వెళ్తోంది.

"పాత ఫర్నేసు పొగ, దీని పొగ కలిసి ఆ చిమ్నీని వేడిగా ఉంచేవి. వేడి చిమ్నీ పొగని పైకి లాగుతుంది. కొత్త ఫర్నేసు గోడలోంచి పోతుంది. ఇది ఒంటరిదైపోయింది. ఇంత చిన్న మంట అంత పెద్ద చిమ్నీని వెచ్చబెట్టలేదు. గట్టి చలిలో పొగ పైకి పోక ఇంట్లోకే దిగుతుంది. అందుకే ఫర్నేసు మార్చినప్పుడు చిమ్నీలోకి సన్నటి అల్యూమినియం గొట్టం దించాలి. నేను చెప్పింది సరేనా లైల్?"

"సరే."

"గార్డన్ అక్టోబర్లో తన ఫర్నేసు మార్చుకున్నాడు. పర్మిట్‌లో ఆ గొట్టం దించినట్టుంది. ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెట్టాడు. ఇవాళ నేను చిమ్నీ కింది తలుపు తీసి, అద్దం పెట్టి పైకి చూశాను. గొట్టం లేదు. ఇటుకల మీద కొత్త గీతలున్నాయి. ఎవరో పైనుంచి లాగేశారు."

ఆమె గోడ వైపు చెయ్యి చూపించింది.

"గోడ మీద గుండ్రంగా తెల్లటి మచ్చ చూశారా? విషవాయువు అలారం ఉండే చోటు. అదీ లేదు."

"తాళంచెవి నా దగ్గరుందని నన్ను చూడకు," అంది మావిస్. "ఈ వయసులో నేను కప్పెక్కుతానా?"

"ఎక్కరు. ఇలాంటి తాళంచెవి గార్డన్ షాపులో మేకుకి కూడా ఒకటి వేలాడుతోంది."

వెండెల్ లైల్ వైపు తిరిగాడు. లైల్ కదల్లేదు.

"షాపులో ఉంటే సరిపోతుందా మేడమ్? ఎవరైనా తీసుకోవచ్చు."

"తీసుకోవచ్చు. గార్డన్ శనివారం పొద్దున సరస్సుకి వెళ్ళి, సోమవారం సాయంత్రం ఆరింటికి వచ్చాడు. మధ్యలో కదల్లేదని ఎర అమ్మేవాడు చెప్పాడు. ఆ రోజుల్లో ఇక్కడికి వచ్చినవాడు జాగ్రత్తపరుడు. మెట్లు తుడిచాడు. చేతి గుర్తులు వదల్లేదు. పని పూర్తిచేసి, వెళ్ళేముందు ఫర్నేసు వైపు చూసుంటాడు."

ఆమె వెళ్ళి ఫర్నేసు పక్కనున్న సన్నటి అరలోంచి, గాలిలో దుమ్ము ఆపే ఫిల్టర్ బయటికి లాగింది. తెల్లగా, కొత్తగా ఉంది.

"ఫర్నేసులవాడి ఇంట్లో ఫిల్టర్ శుభ్రంగా ఉంటే ఎవరికీ అనుమానం రాదు. మేమందరం దీని పక్కనుంచే నడిచాం. పాతది అట్టకట్టి ఉండుంటుంది. దుమ్ము పట్టిన ఫిల్టర్ వదిలి బయటికి పోవడం పనివాడికి చేతకాదు. మార్చాడు. మార్చిన తేదీ అంచు మీద రాయడం మీ వృత్తిలో అలవాటు. ఆలోచించి రాసేది కాదు. చెయ్యి రాసేస్తుంది."

అంచు అందరికీ తిప్పింది. నల్ల మార్కరుతో తేదీ. జనవరి పన్నెండు.

"ఆదివారం. గార్డన్ అప్పుడు నలభై మైళ్ళ దూరంలో, మంచు మీద చేపలు పడుతున్నాడు. ఈ కౌంటీలో అతని ఫర్నేసులు ముట్టుకునే పనివాడు ఇంకొకడే."

లైల్ ఫిల్టర్ వైపు చూశాడు. సిగ్గుపడ్డవాడిలా చిన్నగా నవ్వాడు.

"దుమ్ము కొట్టుకుపోయి ఉంది మేడమ్," అన్నాడు. "అట్లా ఎలా వదులుతాను?"

వెండెల్ లేవబోయాడు. ఆర్డిస్ చేత్తో ఆపింది.

"పని నేర్చుకున్న రెండో ఏడే తెలిసింది నాకు, మంచు కాదని," లైల్ చెప్పాడు. "అయినా ఊరుకున్నా. గార్డన్‌కి తెలీక చేశాడేమో అనుకున్నా. తెలీనివాణ్ణి ఏం చేస్తాం? పక్కనే ఉండి ఆరేళ్ళు చూశాను. అక్టోబర్లో తన ఇంటికి ఆ గొట్టం దించుతుంటే, నేనే కింద పట్టుకున్నా. ఇది ఎందుకు అనడిగా. 'నా ప్రాణం తీస్తావేంట్రా, ఇది లేకపోతే ఒక్క చలిరాత్రికే చస్తాం' అన్నాడు. నవ్వుతూ అన్నాడు. ఎవరితో అంటున్నాడో కూడా మర్చిపోయాడు."

గొంతు పెరగలేదు.

"నేనేం కొత్తగా చెయ్యలేదు. మా అక్క ఇల్లు ఎలా వదిలాడో, వాడి ఇల్లు అలా వదిలాను. అక్కడ అలారం లేదు. ఇక్కడా తీసేశా. అంతే."

"అది రాసి సంతకం పెట్టాలి లైల్."

"పెడతా. ముందు మీరు పెట్టండి."

ఆర్డిస్ అతన్ని చూసింది. తరవాత కోటు లోపలినుంచి ఒక పాత ఫైలు తీసింది. పొద్దున పర్మిట్లతో పాటు అదీ తెచ్చుకుంది. లొరేన్ ఇంటి పర్మిట్‌లో అల్యూమినియం గొట్టం మాటే లేదు. ఫర్నేసు మీద కాగితం పెట్టి, తన పాత వాక్యాలు అడ్డంగా కొట్టేసింది. కింద రాసింది. తేదీ వేసింది. సంతకం పెట్టింది.

లైల్ తీసుకుని చదివాడు. వెనక్కి ఇచ్చాడు.

"'ఇంటి యజమానురాలు' అని రాశారు. పేరు రాయండి."

ఆమె రాసింది.

అతను కాగితం మళ్ళీ తీసుకుని, ఆమెకి ఇవ్వకుండా మావిస్ ముందు పెట్టాడు.

"చదువమ్మా. పైకి."

"నేనెందుకు?"

"ఊరంతా తిరిగి చెప్పింది నువ్వే కదా. మా అమ్మ చర్చిలో కాఫీ తాగుతుంటే కూడా చెప్పావు. ఆవిడ ఆ కప్పు కింద పెట్టి వచ్చేసి, మళ్ళీ గడప దాటలేదు. పోయేదాకా. చదువు."

మావిస్ ఆర్డిస్ వైపు చూసింది. ఆర్డిస్ కల్పించుకోలేదు.

ముసలావిడ కాగితం వెలుతురుకి ఎత్తి పట్టుకుంది. "గొట్టాల మీద మంచు ఈ చావులకి కారణం కాదు. వాటర్ హీటర్ చిమ్నీని సరిచెయ్యకుండా వదిలెయ్యడం కారణం. ఇందులో లొరేన్ పెట్రికా తప్పు ఏమీ లేదు."

చివరి మాటలకి గొంతు సన్నబడిపోయింది.

"వినపడలేదు," అన్నాడు లైల్.

మావిస్ మళ్ళీ మొదటినుంచి చదివింది. ఈసారి వెండెల్ టోపీ తీశాడు.

లైల్ పెన్ను కోసం చెయ్యి చాపాడు.