సీసా అడుగున కాయితం

మందుకొచ్చేటోళ్లు సీసా తెచ్చుకోవాలె అని దవాఖాన గోడ మీద ఇంతింత అక్షరాలతోని రాసి పెట్టిన. తెస్తరు, తెస్తలేరని అంటలేను. గని కడుక్కొని తెమ్మని రాయలేదు గద! ఒకాయన తొక్కు సీసా తెస్తడు, మెంతులు దాంట్లనే ఉంటయి. కచేరి గుమాస్తా ఒకాయన అత్తరు సీసా తెచ్చిండు. రెండు చుక్కలు పడితె నిండుతది. వారం రోజుల మందు పొయ్యమన్నడు. పట్టదంటె, "ఒత్తి పొయ్యి" అన్నడు.

నేను రఘుపతిని. కాశీల మందులు తయారుచేసే చదువు, బి.ఫారం, నలభై ఏడుల పాసయిన. మా బాపు బాలయ్య నల్గొండల నన్ను అందరికి డాక్టర్ అని చెప్పుకుంటడు.

"బాపూ, నేను మందు చేసేటోన్ని. రోగం చూసేటోన్ని గాదు."

"గా ముచ్చట మనింట్లనే ఉండనియ్యి."

పై చదువు ఎం.ఫారంకు దరఖాస్తు పెట్టుకున్న. మిషన్ల మీద గోలీలు కొట్టే చదువు. గోలీ చేతుల గట్టిగుండాలె, కడుపుల పోయినంక కరగాలె. గింతదానికి రెండేండ్లు. అంతల రజాకార్ల లొల్లి పెరిగింది, రైలుబండ్లు బందయినయి. అందాక నకిరేకల్ల ఒక డాక్టర్ సాబ్ కాడ కంపౌండర్‌గ చేరిన.

నలభై ఎనిమిది చైత్రంల ఒకనాడు గాలివాన. ఒక పిల్ల తడుసుకుంట వచ్చి, బల్ల మీద ఠక్కున సీసా పెట్టింది.

"చలిజ్వరం మందు పొయ్యి."

సీసా వాసన చూసిన. "గాసునూనె కంపు కొడ్తాంది."

"నీ మందు గింతకన్న మంచిగ వాసనొస్తదా?"

అందరు నవ్విండ్రు. దగ్గే ముసలాయన గూడ దగ్గు ఆపుకొని మరీ నవ్విండు.

సీసా నేనే కడిగిన. "పేరు?"

"కాటమయ్య. కేతేపల్లి."

"నీ పేరడిగిన."

"జ్వరం మా నాయినకు. నాకు గాదు."

పోయేటప్పుడు గడప కాడ ఆగి, వానదిక్కు చూసుకుంట, "భద్రమ్మ" అన్నది. వానకు చెప్పిందో నాకు చెప్పిందో తెల్వలే. నేనే తీసుకున్న.

మల్ల వారం ఒక సీసా తీస్కపోయింది. ఆ మల్ల వారం మూడు.

"భద్రమ్మా, గీ లెక్కన క్వినైను తాగితె మీ నాయిన చెవులు గుయ్యిమంటయి. ఎవ్వలేం చెప్పినా వినపడదు."

"ఇప్పుడు మాత్రం ఎవ్వల మాట వింటుండు?"

అప్పుడు గుట్టలపొంటి నిజాం మీద కొట్లాడే దళాలు తిరుగుతున్నయి. రజాకార్లు, పోలీసోళ్లు, దళపోళ్లు వేరు వేరు గావొచ్చు గని, గుట్టల దోమలకు అందరు ఒక్కటే. నాకు అర్థమయింది. గొంతు తగ్గించి అడిగిన.

"మీ నాయినలు ఎంతమంది?"

నా మొఖంల మొఖం పెట్టి చూసింది. గా చూపుకు మందు మా చదువుల లేదు.

"పదకొండు మంది," అన్నది.

నేను సీసా నింపిన.

"ఒక్కటే మాట," అన్నది. "సీసకు కాయితం అంటించకు."

"లేబుల్ లేకుంటె ఎట్ల? ఎవరికి, ఎన్నిసార్లు..."

"ఊరందరికి చాటింపు ఎయ్యి ఇగ. దొరికితె మా నాయిన పోతడు. ఒట్టు పెట్టు."

ఒట్టు పెట్టిన. కాశీల మా ప్రొఫెసర్ లేబుల్ లేని సీసా పట్టుకుంటె తేలును పట్టుకున్నట్టు చూసేటోడు. అయినా రెండు నెలలు అంటించలే. చెయ్యి గుంజినా అంటించలే.

గా రెండు నెలలు తాటిముంజలు తెచ్చేది. నేను చెంచ తీసిన.

"అయ్యో, గింత చదివి ముంజ తినరాదా? బొటనేలు పెట్టు!"

పెట్టిన. రసం ఎగిరి మొఖం మీద పడ్డది. నవ్వుకుంట కొంగు ఇయ్యబోయి, మల్ల ఎందుకో ఇయ్యలే. దవాఖానల ముసలాయన ఉండె. గా దగ్గు ఎప్పటికి తగ్గుతదో!

జ్యేష్ఠంల నాకు ఎం.ఫారం సీటొచ్చిందని ఉత్తరమొచ్చింది. రెండు నెలలు దేశమంత తిరిగి వచ్చింది. గా పొద్దే వాన. గా వానలనే భద్రమ్మ. సీటు ముచ్చట చెప్పిన.

"కాశీకి పోతవా? మల్ల మందు ఎవ్వరిస్తరు?"

"మందు కోసమేనా?"

"మందు కోసమే," అన్నది. గని సీసా అందుకునే చెయ్యి నడిమిట్ల జరసేపు ఆగింది.

"ఆగు, బిరడ సరిగ లేదు," అని సీసా మల్ల గుంజుకొని లోపలికి పోయిన.

ఇగ చూడుండ్రి నా తెలివి. నేను పోయినంక నా దస్తూరి ఒక్కటన్న ఆమె కాడ ఉండాలె అనిపించింది. ప్రేమలేఖ రాసే ధైర్యం లేదు. లేబుల్ రాసే చదువుంది. గోరంత కాయితం మీద ముత్యాల లెక్క రాసిన: "కాటమయ్య, కేతేపల్లి. దినమునకు మూడుమార్లు. సీసా కదిలించి త్రాగవలెను." సీసా అడుగున అంటించిన. మందయిపోయి సీసా కడుగుతుంటె చూస్తది, నవ్వుతది అనుకున్న.

పేరు రాయకుంటె అయిపోవు గద అంటరు. పేరు లేని లేబుల్ తప్పు. మా చదువుల మార్కులు పోతయి.

పది దినాలకు పోలీసు అమీన్ సాబ్ దవాఖానకొచ్చిండు. సీసా బల్ల మీద బోర్లించిండు. గుట్టల దొరికిందట. కాటమయ్యను ముందు దినమే ఇంటికాన్నుంచి పట్కపోయిండ్రట.

"దస్తూరి బాగుంది," అన్నడు. "ఎవరిది?"

నా జిందగీల నా దస్తూరిని మెచ్చుకున్నోడు ఆయన ఒక్కడే.

"నాదే. జ్వరమొస్తె మందిచ్చిన. గంతే తెల్సు."

రెండు దెబ్బలేసిండ్రు. ఎన్నిసార్లు అడిగినా గంతే అన్న. దెబ్బల సంగతి ఊర్లన్నిటికి తెలిసింది. కాయితం సంగతి ఎవ్వలకు తెల్వలే. సీసా అమీన్ తీస్కపోయిండు.

పోలీసు యాక్షన్ అయినంక కాటమయ్య జైలుల నుంచి బయటికొచ్చిండు, ఎడమకాలు ఈడ్చుకుంట. నేను కాశీకి పోయిన. ఏడాదంత గోలీలు కొట్టిన. కొట్టినయన్ని పగిలినయి. ఈ ఎండకాలం సెలవులకొస్తే, కాటమయ్య మా ఇంట్ల కూసోని ఉన్నడు.

"మావోడు డాక్టర్," మా బాపు మొదలుపెట్టిండు.

"మాకు డాక్టర్ వద్దయ్యా, గీ పిలగాడు గావాలె. దెబ్బలు తిన్నడు, నోరిప్పలే. గసొంటి అల్లుడు యాడ దొరుకుతడు?"

అమ్మ కండ్లు తుడుసుకున్నది. లగ్గం పెట్టుకున్నరు.

నిరుడంత ఎవ్వల పేరు తలుసుకొని గోలీలు పగలగొట్టిన్నో గా పిల్లనే ఇస్తమంటున్నరు. నేను ఎగిరి గంతెయ్యాలె. కాటమయ్య ఎడమకాలు దిక్కే చూసుకుంట కూసున్న.

పోయిన ఐతారం కేతేపల్లికి పోయిన. భద్రమ్మ పెరట్ల ఉండె.

"నువ్వు నాకెందుకు నచ్చినవో ఎరుకనా?"

"చదువుకా?"

"సదువు మన్ను! ఆడపిల్ల చెప్పిన మాట ఎవ్వడన్న వింటడా? నువ్విన్నవ్. కాయితం అంటించకంటె అంటించలే."

నోరు తెరిసిన.

"ఏందో చెప్పబోతున్నవ్?"

"దూపయితాంది," అన్న.

నవ్వుకుంట నీళ్లకు ఉరికింది. కడుపునిండ తాగిన. దూప పోలే.

"మల్ల మీ నాయిన సంగతి పోలీసోళ్లకు ఎవ్వలు చెప్పిండ్రు?" ఏమెరుగనట్టే అడిగిన.

"ఇంకెవ్వలు? గోపయ్య. మా పక్క పొలమోడు, గెట్టు పంచాయితి పగ. ఇప్పుడు ఊర్ల వానికి ఎడ్లిచ్చేటోడు లేడు, పలకరించేటోడు లేడు. మన లగ్గానికి ఊరంత వస్తది, గా ఒక్క ఇల్లు తప్ప."

నిన్న పగటాల గా గోపయ్య నల్గొండకు మా ఇంటికొచ్చిండు. ఇరవై మైళ్లు నడిసి. అరుగు మీద కూసున్నడు, లోపలికి రమ్మన్నా రాలే.

"అయ్యా, నేను చెప్పలే. నా బిడ్డల మీద ఒట్టు. తొలకరి పడ్డది, అరక కట్టలేదు. నువ్వు కాబోయే అల్లునివి, సదువుకున్నోనివి. నీ మాట కాటమయ్య వింటడు. ఎవ్వలు చేసిండ్రో జర కనుక్కోరాదు?"

ఆయనకు కడుపుల మంటగ ఉన్నదన్నడు. ఒక సీసా మందు కలిపిచ్చిన. ఇంకేం చెయ్యాలో తెల్వక.

చదువుతున్నోళ్లారా, మీకు దండం పెడ్త. లగ్గం పన్నెండు దినాలున్నది. చెప్తె గోపయ్యకు ఎడ్లొస్తయి, నాకు భద్రమ్మ పోతది. చెప్పకుంటె భద్రమ్మ వస్తది, నేను ఆమె మాట వినెటోన్నని నమ్ముకుంట నా పక్కన పడుకుంటది, దినాం. లగ్గం అయినంక చెప్పు అంటరేమో, అది ఇంకా దొంగతనం గాదా? మీల పెండ్లయినోళ్లు ఉంటరు, అబద్ధం మీద కాపురం చేసినోళ్లు ఉంటరు, నిజం చెప్పి పోగొట్టుకున్నోళ్లు ఉంటరు. ఎవ్వలన్న ఒక్క కార్డు ముక్క రాయుండ్రి. జల్ది రాయుండ్రి. గోపయ్య వచ్చే ఐతారం మల్ల వస్తనని పోయిండు.