లుంపి లేచి నిలబడేదాకా

"తలుపు ఎవరు తీశారు ఇర్మేలా?"

వోల్క్‌మార్ ఆ మాట అడగడం అది మూడోసారి. మూడుసార్లూ గొంతు పెంచలేదు. పెంచినా బాగుండేదనిపించింది ఇర్మేలకు... అరిచే మొగుడితో ఎదురు అరవొచ్చు, కాసేపు ఏడవొచ్చు, గిన్నె ఒకటి ఎత్తి పడేయొచ్చు. నెమ్మదిగా అడిగే మనిషికి ఏం జవాబు చెబుతుంది? వంటింట్లో బల్లను గోడ వైపుకి జరిపి, ఆ ఖాళీలో పశువుల డాక్టరమ్మ ఇచ్చిన ఇనుప తీగల పెట్టె పెట్టారు. అందులో పాత ఉన్ని దుప్పటి మీద లుంపి పడుకుని ఉంది. రెండేళ్ల డాక్స్‌హుండ్, పొట్టి కాళ్లూ పొడుగు నడుమూ ఉన్న గోధుమరంగు కుక్కపిల్ల. ముందుకాళ్లు ఆనించి, తల ఎత్తి, ఒకసారి వోల్క్‌మార్ వైపూ ఒకసారి ఇర్మేల వైపూ చూస్తోంది. వెనకకాళ్లు మాత్రం ఎవరో తెచ్చి పక్కన పడేసినట్టు ఉన్నాయి.

"నేనే తీశాను. నీ కారు చప్పుడు వినబడింది. నా కాళ్ల సందులోంచి దూరిపోయింది."

"దాన్ని ఎత్తుకునే దించాలని తెలీని దానివా?" అంది అత్తగారు లియోబా, గుమ్మంలోనే నిలబడి. మోకాలి నొప్పితో ఆవిడ పై అంతస్తుకు రావడమే అరుదు. వచ్చిందంటే ఏదో ఒకటి అనడానికే వస్తుంది. కానీ ఆ ఒక్క మాటా అని, ఎందుకో నేలచూపులు చూస్తూ, మెట్ల కమ్మీ పట్టుకుని దిగిపోయింది. ఇంత తేలిగ్గా వదిలిపెట్టిందేమిటా అని ఆశ్చర్యపోయే ఓపిక కూడా ఆ రోజు ఇర్మేలకు లేదు.

ఆల్బ్ కొండల దిగువన ఉన్న ఆ ఊళ్లో శనివారం అంటే మెట్లు. ఎవరి వంతు వస్తే వాళ్ల గుమ్మానికి చిన్న చెక్కపలక వేలాడుతుంది. ఆ వారం మెట్లూ నడవా వీధి గుమ్మం ముందు బాటా వాళ్లే ఊడ్చి కడగాలి. లియోబా ఇంట్లో ఉన్నవి రెండే కాపురాలు, కింద అత్త, పైన కోడలు. అయినా పలక వారం వారం చేతులు మారాల్సిందే. ఇర్మేల కాపురానికి వచ్చి ఇరవై ఏళ్లు దాటింది. ఆమె కడిగిన మెట్ల మీద అత్తగారు వేలు రాసి చూడని శనివారం లేదు. చూసి, పెదవి విరిచి, తనే మళ్లీ బకెట్టు పట్టుకోవడం కూడా మామూలే. రొట్టెల కొట్లో వాళ్లకి కూడా తెలుసు ఆ సంగతి. లుంపి పడిపోయిన శనివారం పలక ఇర్మేల గుమ్మానికే ఉంది. పొద్దున్నే మెట్లు కడిగి, వచ్చి పిండి కలుపుకుంటోంది. మధ్యాహ్నం వోల్క్‌మార్ కారు ఆగింది, ఆమె తలుపు తీసింది... అంతే! మెట్ల మలుపు దగ్గర లుంపి గోళ్లు పట్టు దొరక్క గీసుకున్న చప్పుడు, తర్వాత ఒక కేక. ఆ కేక ఇర్మేల చెవుల్లోంచి పోలేదు.

వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి బిళ్ల జారి నరాన్ని నొక్కుతోందని చెప్పింది డాక్టర్ కీన్‌లే. వెనకకాలి వేలు గట్టిగా గిల్లితే లుంపి తల తిప్పి చూసింది. "నొప్పి తెలుస్తోంది, అంటే ఆశ ఉంది. కోత అక్కర్లేకుండా చూద్దాం. మందు వేళకి పడాలి. ఆరు వారాలు పెట్టె దాటకూడదు. గెంతకూడదు, పరుగెత్తకూడదు. ఒంటేలు దానంతట అది రాకపోతే మీరే పొట్ట నొక్కి పోయించాలి. బయటికి తీసుకెళ్లినప్పుడు పొట్ట కింద తువాలు వేసి వెనక భాగాన్ని ఎత్తి పట్టుకోండి. ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారా?"

"ఉంటాను," అంది ఇర్మేల. ఇంకెవరుంటారు?

నిజానికి ఆ అక్టోబరులో ఆమె ఇంట్లో ఉండాల్సింది కాదు. పెళ్లికి ముందు కుట్టుపని నేర్చుకున్న మనిషి. బస్సులో నాలుగు ఊళ్ల అవతల కర్టెన్లు కుట్టే కొట్టు యజమానురాలు హౌగ్, పొద్దుటి పూట రమ్మని పిలిచింది. ఆ పిలుపు వచ్చిన రోజు ఇర్మేల ఇల్లంతా ఊరికే తిరిగింది. అత్తగారు "ఇల్లు ఎవరు చూస్తారు?" అన్నా, వోల్క్‌మార్ "నీ ఇష్టం" అని పేపరు మడిచినా ఆమె సంతోషం తగ్గలేదు. ఇప్పుడు ఫోను చేసి, రాలేనని చెప్పింది. "నెల చివరిదాకా చూస్తాను తల్లీ, ఆపైన నాకూ మనిషి కావాలి కదా," అంది హౌగ్. ఆవిడ మాటలో తప్పేమీ లేదు.

ఆ రోజులు ఎలా గడిచాయో ఇర్మేలకే తెలియాలి. పొద్దున లేస్తే మందు, పొట్ట నొక్కడం, దుప్పటి మార్చడం, ఒక చేయి రొమ్ము కింద, ఒక చేయి పిర్రల కింద పెట్టి నడుము వంగకుండా లుంపిని ఎత్తుకుని మెట్లు దిగడం, పెరట్లో తువాలు పట్టుకుని తను కూడా వంగి నాలుగడుగులు నడిపించడం, మళ్లీ ఎక్కడం. కూరగాయలకు వెళ్లినా పరుగున వెళ్లి పరుగున రావడమే. వంటింటి కిటికీలోంచి ఎదురింటి గోడ తప్ప మరేదీ కనబడదు. కుక్క తీగల్లోంచి ఆమెను చూసేది, ఆమె అద్దంలోంచి ఆ గోడను చూసేది. "నీకు ఆరు వారాలే లుంపీ... నాకెన్నో ఎవరూ చెప్పలేదు," అని ఒకసారి పైకే అనేసింది. అని, అన్నందుకు సిగ్గుపడింది. పిల్లలు పుట్టలేదు. కర్టెన్లు అత్తగారు ఎంచినవి, గచ్చు మామగారు వేయించినది. ఆ ఇంట్లో ఇర్మేల తనకోసం అని తెచ్చుకున్న ప్రాణం ఇదొక్కటే. దాన్ని తనే విరగ్గొట్టుకుంది! ఈ ఆలోచన అన్నం తినేటప్పుడు కూడా వదిలేది కాదు.

వోల్క్‌మార్ చెడ్డవాడు కాదు. గేర్లు తయారుచేసే ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని వచ్చి, పెట్టె వైపు చూడకుండా చేతులు కడుక్కునేవాడు. చూడలేకే చూడటం లేదని ఆమెకు తెలుసు. ఒక సాయంత్రం బంగాళాదుంపలు చిదుముతూ అన్నాడు.

"డాక్టరు చెప్పిన గడువు దాకా చూద్దాం. అప్పటికీ లేవకపోతే సూది వేయించేద్దాం."

"దానికి రెండేళ్లు వోల్క్‌మార్."

"అందుకే అంటున్నాను. ఇంకో పన్నెండేళ్లు డైపరు కట్టుకుని ఈడ్చుకుంటూ తిరిగితే నువ్వు చూడగలవేమో, నేను చూడలేను." దుంపల గిన్నె పక్కకు జరిపి, "తలుపు ఒక్కటి చూసుకుని ఉంటే..." అని ఆపేశాడు. ఆపేసిన ఆ సగం మాటే ఆమెను ఎక్కువ పొడిచింది.

మెట్లు దిగేటప్పుడు ఇర్మేల కాళ్లు జారుతున్నట్టు ఉండేది. భయంతో తన కాళ్లే వణుకుతున్నాయనుకుంది. కమ్మీకి మోచేయి ఆనించి ఒక్కో మెట్టూ దిగేది. ఒక మధ్యాహ్నం మలుపు దగ్గర మడమ నిజంగానే జారింది. లుంపిని గుండెకు అదుముకుని కూలబడి, భుజం గోడకు కొట్టుకుంది. కుక్కకు ఏమీ కాలేదు. కింద తలుపు కొద్దిగా తెరుచుకుంది, లియోబా ముఖం కనబడింది, పాలిపోయి. "దెబ్బ తగిలిందా?" అని కూడా అడగకుండా తలుపు మూసేసింది ఆవిడ. ఈవిడ గుండె రాయా అనుకుంది ఇర్మేల.

మర్నాడు పేపరు తెచ్చుకుందామని తలుపు తీస్తే మెట్ల మీద ఏదో గీకుతున్న చప్పుడు. శనివారం కాదు, మంగళవారం! లియోబా మోకాళ్ల కింద దిండు వేసుకుని, వేడినీళ్ల బకెట్టు పక్కన పెట్టుకుని, వంటింటి కత్తితో మెట్టును గీకుతోంది. కత్తి అంచున తేనెరంగు తెట్టు చుట్టలు చుట్టలుగా లేస్తోంది. ఇర్మేల నాలుగు మెట్లు దిగి ఆగిపోయింది.

"అది మైనం కదా అత్తయ్యా?"

లియోబా ఇంకో చుట్ట గీకి పక్కన పడేసింది.

"ఎప్పుడు రాశారు?"

"ఆ శనివారమే." కత్తి ఆగింది. "నువ్వు కడిగి వెళ్లాక వచ్చి చూశాను. మెరుపు లేదనిపించింది. మర్నాడు ఆదివారం మా ఆడబిడ్డ కాఫీకి వస్తానంది. మెట్లు అలా ఉంటే ఏమనుకుంటుంది? పాత డబ్బా తీసి పట్టించాను. ఎప్పుడూ ఏడాదికి రెండుసార్లు పట్టించేదే కదా... తుడిచి రుద్దేలోగానే..."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబుదామని పైకి వచ్చాను. వాడు నిన్ను అడుగుతున్నాడు, తలుపెవరు తీశారని. నా నోటంట ఇంకో మాట వచ్చేసింది."

ఇర్మేల మెట్టు మీద కూర్చుండిపోయింది. ఇన్ని వారాలు! తన చేతులతో తనే చంపుకుంటున్నానని కుమిలిపోయిన ఇన్ని వారాలు!

"నింద నా మీద పడనిచ్చారు," అంది చివరికి. "రోజూ మీ తలుపు ముందు నుంచే మోసుకెళ్లాను కదా అత్తయ్యా... చూస్తూ కూర్చున్నారు."

"వోల్క్‌మార్‌కి చెప్పకమ్మా," అంది లియోబా. అమ్మా అని పిలవడం అదే మొదటిసారి. "వాడికి తెలిస్తే నా గడప తొక్కడు. వాళ్ల నాన్న పోయాక నాకున్నది వాడొక్కడే."

ఇర్మేల లేచి పైకి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం చెప్పాలని నాలుగుసార్లు నోరు తెరిచింది. చెబితే తన మీద పడ్డ నింద ఒక్క క్షణంలో పోతుంది. కానీ మోకాళ్ల కింద దిండు వేసుకున్న ఆ ముసలి ఒళ్లు కళ్ల ముందు మెదిలేది. చెప్పకపోతే తనకు ఊపిరాడదు, చెబితే తల్లీకొడుకులకు మాటలుండవు. చెప్పలేదు. తానున్న పెట్టెకు ఇంకో తలుపు పడినట్టే అయింది.

గడువు దగ్గర పడుతుండగా లుంపి తోక కదిలింది. ముందు ఇర్మేల నమ్మలేదు. తర్వాత ఒకరోజు పెరట్లో తువాలు వదులుగా పట్టుకుంటే వెనకకాళ్లు రెండూ, ఒకదానికొకటి అడ్డం పడుతూ, తాగినవాడి నడకలా మూడడుగులు వేశాయి. ఇర్మేల తడి గడ్డి మీదే కూర్చుని ఏడ్చింది. కింది కిటికీ తెర కదిలింది. ఆమె అటు చూడలేదు.

ఆఖరి పరీక్షకు డాక్టర్ కీన్‌లే ఇంటికే వచ్చింది, లియోబా కూడా మెల్లగా పైకెక్కి వచ్చి గుమ్మంలో నిలబడింది. డాక్టరమ్మ వంటింటి తివాచీ మీద లుంపిని నడిపించి చూసి నవ్వింది. "బతికించుకున్నారు. నడక కాస్త వంకరగానే ఉంటుంది, పర్వాలేదు. కానీ ఒక్క మాట, ఇక జన్మలో మెట్లు వద్దు. సోఫా కూడా వద్దు. ఎప్పుడూ ఎత్తుకునే దించుతామంటారా, ఎత్తుకునే మనిషి ఎప్పుడైనా జారొచ్చు. నేల మీదే ఉండే ఇల్లయితే దీనికి మంచిది."

డాక్టరమ్మ వెళ్లాక వోల్క్‌మార్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఈసారి అతని గొంతులో కూడా జాలి ఉంది. "ఇర్మేలా, నా మాట విను. మా ఫోర్‌మన్ వాళ్లన్నకు పొలం ఇల్లుంది, గడప కూడా లేదు. పిల్లలున్నారు, బాగా చూసుకుంటారు. ఇక్కడ మళ్లీ ఒకరోజు తలుపు తెరిచి ఉంటే? మళ్లీ నువ్వు..."

పెట్టెలోంచి మోసి, పొట్ట నొక్కి, ఒళ్లు తుడిచి నిలబెట్టుకున్నది ఎవరింటికో పంపడానికా? అనడానికి ఒక మాట ఉంది. ఆ మాట తనది కాదు. ఇర్మేల తల వంచుకుని దుప్పటి మడత పెడుతూ ఉండిపోయింది.

"తలుపు గొడవ ఆపరా," అంది గుమ్మంలోంచి లియోబా. "ఆ రోజు మెట్లకు మైనం పట్టించింది నేను. నీ పెళ్లాం కడిగింది చాలక. కుక్క జారింది అందుకు. ఇర్మేలకు తెలిసి కూడా రోజులైంది. చెప్పొద్దని నేను అడిగానని నీకు చెప్పలేదు."

వోల్క్‌మార్ తల్లిని చూశాడు. తర్వాత ఇర్మేలను చూశాడు. "నువ్వు నోరు మూసుకుని పడ్డావా ఇదంతా?" అన్నాడు. ఆమె దుప్పటి మడత విప్పి మళ్లీ మడత పెట్టింది. అతను లేచి వచ్చి ఆ దుప్పటిని ఆమె చేతుల్లోంచి తీసుకున్నాడు. "నన్ను క్షమించు," అన్నాడు, తల్లి వింటుండగానే. ఆ మాట తన కాపురంలో వింటానని ఇర్మేల ఎన్నడూ అనుకోలేదు.

"ఎక్కడికీ పంపక్కర్లేదు," అంది లియోబా. "కింద నా ఇంట్లో మెట్లు లేవు. పెరటి తలుపు ఉంది. రాత్రి అయినా పగలు అయినా అది నా దగ్గరుంటుంది. ఇర్మేలా, నువ్వు ఆ కర్టెన్ల కొట్టుకి ఫోను చెయ్యి."

అదే అసలు చిక్కు. ఈ ఇంటి నుంచి, ఈవిడ చూపు నుంచి ఎప్పటికైనా బయటపడాలని ఇరవై ఏళ్లుగా కోరుకుంది ఇర్మేల. ఇప్పుడు తన ప్రాణాన్ని ఆవిడ వంటింట్లోనే ఉంచాలి. లుంపి బతికున్నంత కాలం కింది గడప దాటకుండా తన రోజు మొదలవదు, ముగియదు. వద్దంటే ఇక మిగిలింది ఆ పొలం ఇల్లే. ఇర్మేల పెట్టెలోకి చూసింది. లుంపి నిలబడి ఉంది.

ఇర్మేల ఫోను చేస్తే, చెప్పిన గడువు దాటినా హౌగ్ ఇంకా ఎవరినీ పెట్టుకోలేదు. సోమవారం పొద్దున ఇర్మేల కోటు వేసుకుని, లుంపిని ఎత్తుకుని కిందికి దిగింది. లియోబా వంటింట్లో గచ్చు కనబడకుండా దొరికిన తివాచీలన్నీ పరిచి ఉన్నాయి. గచ్చు మెరుపు మీద ప్రాణం పెట్టుకున్న మనిషి!

"ఒక చేయి రొమ్ము కింద. ఒక చేయి ఇక్కడ. నడుము వంగకూడదు."

"తెలుసు. కిటికీలోంచి చూశాను కదా." లియోబా కుక్కను అందుకుంది. అందుకుని మెల్లగా అడిగింది, "నన్ను క్షమించావా?"

ఇర్మేల గుండీలు పెట్టుకుంటూ ఆలోచించింది. అబద్ధం చెప్పడం తేలికే.

"లేదు అత్తయ్యా. ఇంకా లేదు. ఒంటిగంటకి వస్తాను. దాన్ని సోఫా ఎక్కనివ్వకండి."

"ఎక్కనివ్వను," అంది లియోబా.

వీధి మలుపు దాకా గబగబా నడిచింది ఇర్మేల. అక్కడికొచ్చాక గానీ తన రెండు చేతులూ ఇంకా గుండె దగ్గర మడిచే ఉన్నాయని, వాటిలో ఏమీ లేదని ఆమెకు తట్టలేదు. అక్కడే నిలబడి, ఎవరు చూస్తున్నారో కూడా పట్టించుకోకుండా ఏడ్చింది. తర్వాత ముక్కు తుడుచుకుని బస్సు ఎక్కింది.