శనివారం క్యారేజీ

"నాన్నా, వంజరం తీసుకోనా, చందువా తీసుకోనా?"

గూట్లోని పెట్టెను రెండుసార్లు తట్టి అడిగింది దయామణి. పెట్టె చిన్నగా దగ్గింది. జకరయ్యగారు మాట్లాడబోయే ముందు ఎప్పుడూ అట్లాగే దగ్గేవారు.

"శనివారం కదమ్మడూ, చందువానే తీసుకో. మొప్పలెత్తి చూడు. ఎర్రగా ఉంటేనే తీసుకో."

జకరయ్యగారు పోయి ఇరవై మూడేళ్ళయింది. వాకిట్లో చేపల గంప దించుకుని కూర్చున్న ఆవిడకు ఇందులో వింతేమీ కనిపించలేదు. చీరాల అవతలి ఆ పాలెంలో ఏ గడప ముందు ఆగినా బేరం కుదరాలంటే ముందు ఆ ఇంటి పెద్దదిక్కు ఒప్పుకోవాల్సిందే.

పెద్దదిక్కు అని ఆ పెట్టెకే పేరు. జానెడు టేకు పెట్టె, ముందువైపు ఇత్తడి జల్లెడ. మనిషి బతికున్నన్నాళ్ళూ మెడ దగ్గర కందిగింజంత వినుపూస పెట్టుకుంటాడు. ఇంట్లో, బజార్లో, ప్రార్థనలో, పోట్లాటలో అతను అన్న ప్రతి మాటా అందులో చేరుతుంది. మనిషి పోయాక ఆ పూసను పెట్టెలో బిగిస్తారు. అప్పటినుంచి ఏది అడిగినా ఆ మనిషి ఏమనేవాడో అదే అంటుంది, అదే గొంతుతో. తట్టి అడిగిన ప్రశ్న తప్ప ఇంకేదీ దాని చెవికెక్కదు.

మొదట్లో పోయినవాళ్ళను తలుచుకోవడానికి కొనుక్కున్నారు. పోనుపోను పిల్లకు పేరు పెట్టాలన్నా, గోడకు సున్నం వేయించాలన్నా పెట్టెను తట్టడం అలవాటైపోయింది. చావు ఇంట్లో శోకాలు పెట్టేవాళ్ళు కరువయ్యారు. ఎందుకేడుస్తారు, మర్నాటికల్లా మనిషి గూట్లో కూర్చుని మాటకు మాట చెప్తుంటే!

దయామణి చందువాలు ఏరి పళ్ళెంలో పెట్టించుకుంది గానీ, ఆమె మనసు చేపల మీద లేదు. తెల్లవారితే మూడో ఆదివారం.

ఆమె తమ్ముడు ఎలీషా ముప్ఫై నాలుగేళ్ళుగా చీరాలలో గోవర్ధనంతో కలిసి ఉంటున్నాడు. గోవర్ధనం నేతపని చేసే ఇంటివాడు. చట్టం ఒప్పుకున్నాక ఇద్దరూ రిజిస్టరు ఆఫీసులో సంతకాలు కూడా పెట్టారు. ఇప్పుడు అరవై దాటిన వయసులో ఎలీషాకు ఒకే కోరిక మిగిలింది. చిన్నప్పుడు తను హార్మోనియం వాయించిన చర్చిలో, తండ్రి పాతికేళ్ళు పాస్టరుగా ఉన్న చర్చిలో, తమ ఇద్దరి పేర్లూ చదివి ఆశీర్వాద ప్రార్థన చెయ్యాలని. కొత్తగా వచ్చిన పాస్టరమ్మ కెజియాకు అభ్యంతరం లేదు. కానీ నియమం ఉంది. మూడు ఆదివారాలు పేర్లు చదవాలి. మూడోవారం ఆ ఇంటి పెద్దదిక్కును బల్ల మీద పెట్టి సమ్మతి అడగాలి.

ఈ సంగతిలో ఊళ్ళో పెట్టెలన్నీ ఒక్క తీరుగా పలకవు. ఎదురింటి ఖాసింబీ వాళ్ళ నానమ్మ పెట్టెను అడిగితే, "తీర్పు అల్లాది, నువ్వు పోయి టీ పెట్టు" అంటుంది. రెండు వీధుల అవతల ఒక రిటైరైన మాస్టారి పెట్టె అరగంట లెక్చరిచ్చి ఎటూ తేల్చదు. జకరయ్యగారి పెట్టె మాత్రం ఎప్పుడడిగినా ఒకటే మాట.

దయామణికి తమ్ముడంటే ప్రాణం. ఇన్నేళ్ళలో మనసు లాగినప్పుడల్లా పెట్టెను అడిగింది, పెట్టె కాదన్నప్పుడల్లా ఆగిపోయింది. ఇది పాపమని చెప్పే మాటలు ఆమెకూ కంఠతా వచ్చు. అవి తన మాటలో, నాన్న మాటలో ఎన్నడూ విడదీసి చూసుకోలేదు.

చేపలు తోముతుండగా గేటు చప్పుడైంది. ఎలీషా, వెనకాలే సంచీ పట్టుకుని గోవర్ధనం.

"లోపలికి రాండి," అంది దయామణి తడబడుతూ.

"ఇక్కడ అరుగు మీదే బాగుందక్కా," అన్నాడు ఎలీషా కూర్చుంటూ. "చందువాలా?"

"నాన్న తీసుకోమన్నాడు."

"శనివారం కదా మరి." ఎలీషా నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు అర్థం కాలేదు.

ఆమె టీ తెచ్చింది. ఇద్దరికీ ఒకే రకం గ్లాసులు. గోవర్ధనం గ్లాసును తిప్పి చూసుకుంటూ, "మా నాంచారమ్మత్త పెట్టె ఏమందో చెప్పు అక్కయ్యగారికి," అన్నాడు.

"అబ్బో, ఆ పెట్టెను అడిగితే తేనే అనుకో! 'అందరూ పెరుమాళ్ళ బిడ్డలే నాయనా, మనం ఎవరం కాదనడానికి' అంటది. బతికున్నన్నాళ్ళూ నాకు గ్లాసు వేరే పెట్టింది మహాతల్లి."

"గ్లాసే కాదు, దాన్ని బోర్లించే చోటు కూడా వేరే," అన్నాడు గోవర్ధనం.

"పెట్టెకు గ్లాసు సంగతి ఏం తెలుసక్కా? అది విన్నది మాటలే కదా."

దయామణి మళ్ళీ చేపల ముందు కూర్చుంది. "ఒరే ఎలీషా, నువ్వెందుకొచ్చావో నాకు తెలుసు. నా చేతుల్లో ఏముందిరా? రేపు పెట్టె ఏమంటదో నీకూ తెలుసు, నాకూ తెలుసు."

ఎలీషా సంచీలోంచి ఒక క్యారేజీ తీసి అరుగు మీద పెట్టాడు. నాలుగు గిన్నెల స్టీలు క్యారేజీ. కింది గిన్నె ఒకవైపు సొట్టపోయి ఉంది. మూత మీద చుక్కలు చుక్కలుగా చెక్కిన పేర్లు: జకరయ్య, మార్తమ్మ. కింద పెళ్ళి తేదీ.

"ఓరి దేవుడా!" దయామణి చేప చేతులతోనే దాన్ని పట్టుకుంది. "అమ్మ క్యారేజీ! నాన్న పోయిన వారంలో పోయింది కదరా ఇది! రోగులకని నాన్న పట్టుకెళ్ళే ఆ చీరాల ఆసుపత్రంతా వెతికించా. ఆ ఆయా తీసిందని నానా మాటలూ అన్నా."

"ఆసుపత్రికి ఎప్పుడూ రాలేదక్కా అది. మా ఇంటికొచ్చేది."

ఆమె వేలితో మూత మీది పేర్లు తడిమింది.

"నన్ను వెళ్ళగొట్టిన నాలుగో రోజు శనివారం. గేటు దగ్గర సైకిల్ బెల్లు రెండుసార్లు మోగింది. బయటికొచ్చి చూస్తే గేటు కొక్కేనికి క్యారేజీ. నాన్న అప్పటికే మలుపు తిరుగుతున్నాడు. వారం మధ్యలో వచ్చి గేటుకు పెట్టిన ఖాళీది తీసుకెళ్ళాడు, మరుసటి శనివారం మళ్ళీ నిండుది తగిలించాడు. పదకొండేళ్ళు! తుఫాను వచ్చిన వారం కూడా తడిసి ముద్దయి వచ్చాడు. ఆఖరి వారందే, తీసుకెళ్ళడానికి మనిషి రాక నా దగ్గర మిగిలిపోయింది."

"మాట్లాడేవాడా?"

"ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. ఒకసారి ఎండలో వచ్చాడని గోవర్ధనం మజ్జిగ తీసుకుని పరిగెత్తాడు. నిలబడి తాగాడు. కుళాయి దగ్గర గ్లాసు కడిగి వీడి చేతికిచ్చి సైకిలెక్కాడు."

"ఆ గ్లాసు ఇంకా ఉంది," అన్నాడు గోవర్ధనం మెల్లగా.

దయామణి చేపల పళ్ళెం పక్కకు నెట్టింది. శనివారాలు ఒక్కొక్కటే గుర్తొస్తున్నాయి. పొయ్యి మీద పులుసు కుతకుతలాడుతుంటే నాన్న వంటింటి గుమ్మంలో నిలబడేవాడు. మెడ దగ్గరి వినుపూస తీసి కళ్ళజోడు డబ్బాలో పెట్టి, డబ్బా మూసి, అప్పుడు అనేవాడు: "రోగులకు పట్టుకెళ్ళాలమ్మడూ, క్యారేజీ కట్టు. ఇంకో రెండు ముక్కలెయ్యి." పూస ఎందుకు తీశావు నాన్నా అంటే, చెమటకు పాడవుద్ది అనేవాడు. మిగతా ఆరు రోజులూ చెమట పట్టదా అని ఆమెకు ఎన్నడూ తోచలేదు. ఇంట్లో చందువా అంటే పడి చచ్చేది ఎలీషా ఒక్కడే. నాన్న తోక ముక్క గిల్లి లేచిపోయేవాడు.

"నేనే కట్టానురా," అంది ఆమె. "పదకొండేళ్ళు నీకు కూడు కట్టి పంపి, నాకు తెలీకుండా బతికాను."

"మెచ్చుకుంటున్నానని అనుకోబాక. నాన్న పిరికివాడక్కా." ఎలీషా క్యారేజీని అక్కవైపు నెట్టాడు. "సంఘం ముందు పరువు పోద్దని మెడలో పూస లేకుండా వచ్చేవాడు. ఆ పులుసు తింటూ ఎన్నిసార్లు ఏడ్చానో వీడికి తెలుసు. నాకు ముక్కలొద్దు, ఒక్క మాట చాలు, 'బాగున్నావా' అంటే చాలు అనుకునేవాణ్ణి. రేపు అదే గొంతు అందరి ముందూ నన్ను కాదంటది. నియమంలో ఇంకో ముక్క కూడా ఉందంట, కెజియా పాస్టరమ్మ చెప్పింది. పెట్టె కాదన్నా, ఆ ఇంట్లో బతికున్న పెద్దవాళ్ళు లేచి సరేనంటే చెల్లుద్దంట. ఇంతవరకూ ఎవరూ లేవలేదంట."

"నాన్న మాట మీద నేను మాట్లాడటమా?" దయామణి రెండు చేతులూ అడ్డంగా ఊపింది. "నా వల్ల కాదు తమ్ముడా. నాకు భయం."

ఎలీషా బలవంతపెట్టలేదు. క్యారేజీ అక్కడే వదిలేసి ఇద్దరూ వెళ్ళిపోయారు.

ఆదివారం చర్చి నిండిపోయింది. కెజియా బల్ల మీది పెట్టెను రెండుసార్లు తట్టి, స్పష్టంగా అడిగింది. "జకరయ్యగారూ, మీ కుమారుడు ఎలీషాకూ, గోవర్ధనంగారికీ ఈ సంఘంలో ఆశీర్వాద ప్రార్థన చెయ్యడానికి మీ ఇంటి సమ్మతి ఉందా?"

దగ్గు వినిపించగానే ముందు వరుసలోని ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళకు బాప్తిస్మమిచ్చిన గొంతు అది. వాళ్ళ తల్లిదండ్రుల సమాధుల దగ్గర ప్రార్థన చేసిన గొంతు.

"ఒప్పుకోను. నా ప్రాణం పోయినా ఒప్పుకోను. వాడు నా కొడుకే కాడు."

గోవర్ధనం చెయ్యి ఎలీషా మోకాలి మీద పడింది. ఎలీషా తల ఎత్తలేదు. ముప్ఫై నాలుగేళ్ళ కిందట గుమ్మంలో నిలబడి విన్న మాటలే, పొల్లు పోకుండా.

కెజియా నియమం రెండో భాగం చదివింది. "ఈ ఇంట్లో బతికున్న పెద్దలెవరైనా వేరే మాట చెప్పదలిస్తే ఇప్పుడు చెప్పవచ్చు." చదివి వరుసలన్నీ కలయజూసింది. ఇక పుస్తకం మూయబోతుండగా ఆడవాళ్ళవైపు చాప మీద నుంచి దయామణి లేచింది. చేతిలో క్యారేజీ ఉంది. చర్చంతా పులుసు వాసన వచ్చింది.

ఆమె ముందు మెడ దగ్గర తడుముకుని, తన వినుపూస ఉందో లేదో చూసుకుంది. ఉంది.

"నాకు మాట్లాడటం రాదు," అంది. "వాక్యం నేనూ చదివాను. దాన్ని ఎట్టా అర్థం చేసుకోవాలో మీలో ఒక్కొక్కరు ఒక్కో తీరుగా చెప్తారు. మీతో వాదించే చదువు నాకు లేదు. మా నాన్న ఆ మాట అన్నది నిజం. అన్న నాలుగో రోజు నుంచి ప్రతి శనివారం ఈ క్యారేజీలో వీడికి చేపల పులుసు మోసుకెళ్ళిందీ నిజం. పదకొండేళ్ళు మోశాడు. మీకు చెప్పలేదు, నాకు చెప్పలేదు, వాడితో కూడా ఒక్క మాట చెప్పలేదు. అక్కడే తప్పు చేశాడు మా నాన్న. నేను నోటితో చెప్తున్నా. వాడు మా ఇంటి బిడ్డ. ఆ అబ్బాయి కూడా మా ఇంటి బిడ్డే. నాకు సమ్మతే."

ఎవరో "అయ్యో అయ్యో" అన్నారు. నాలుగైదు కుటుంబాలు లేచి చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాయి. ఒక ముసలాయన గుమ్మందాకా వెళ్ళి, ఏమనుకున్నాడో, తిరిగొచ్చి వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కెజియా ప్రార్థన చేసింది. ఆమెన్ అన్నవాళ్ళు సగం మందే, అయినా గట్టిగానే అన్నారు. అరవై మూడేళ్ళ ఎలీషా అక్క భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

"తిందువు గాని పద," అంది దయామణి. "చల్లారిపోద్ది."

చర్చి వసారాలో ముగ్గురూ కూర్చుని క్యారేజీ విప్పుకుని తిన్నారు.

మధ్యాహ్నం ఆమె పెట్టెను ఇంటికి తెచ్చి గూట్లో పెట్టింది. గుండె తేలికగా ఉంది. సంతోషమైనా, దుఃఖమైనా ఇన్నేళ్ళూ నాన్నకే చెప్పుకుంది. పైగా ఇది ఆయన రహస్యం, ఎంత మురిసిపోతాడో! క్యారేజీ కడిగి తుడిచి పెట్టె పక్కన పెట్టింది. చీర చెంగుతో చేతులు తుడుచుకుని, నవ్వుకుంటూ పెట్టెను రెండుసార్లు తట్టింది.

"నాన్నా, మన శనివారం క్యారేజీ దొరికింది."

పెట్టె దగ్గింది.

"శనివారం క్యారేజీ ఏందమ్మడూ?"

దయామణి నవ్వు ఆగిపోయింది. వినలేదేమోనని మళ్ళీ తట్టింది. "అదే నాన్నా, తమ్ముడికి పట్టుకెళ్ళేవాడివి. గేటుకు తగిలించేవాడివి."

"నా దగ్గర వాడి ఊసెత్తబాక. వాడు నా కొడుకే కాడు."

ఆమె గూటి ముందు అట్లాగే నిలబడింది. ఇరవై మూడేళ్ళు చేపల దగ్గర నుంచి పిల్లల పెళ్ళిళ్ళదాకా ఈ గొంతునే అడిగింది. పూస తీసి డబ్బాలో పెట్టిన మనిషి, తుఫానులో సైకిలు తొక్కిన మనిషి, గోవర్ధనం ఇచ్చిన గ్లాసు కడిగిచ్చిన మనిషి ఇందులో లేడు. ఎప్పుడూ లేడు. ఆ మనిషిని సమాధిలో పెట్టిన రోజు ఆమె కంట చుక్క నీరు రాలేదు, పెట్టె ఎప్పుడు సిద్ధమవుతుందా అని ఎదురుచూస్తూ కూర్చుంది.

దయామణి క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుంది. ఒక్కసారిగా శోకం పెట్టి ఏడ్చింది. ఆ వీధిలో అట్లాంటి ఏడుపు విని ఎన్నో ఏళ్ళయింది. ఎదురింటి ఖాసింబీ చేతిలో గరిటెతోనే పరిగెత్తుకొచ్చింది.

"ఏమైందక్కా? ఎవరికేమైంది?"

"మా నాన్న చచ్చిపోయాడే ఖాసింబీ," అంది దయామణి. "మా నాన్న చచ్చిపోయాడే!"

ఖాసింబీ గూట్లో పెట్టెవైపు ఒకసారి చూసింది. గరిటె పక్కన పెట్టి, వచ్చి ఆమె పక్కన కూర్చుంది.