బాల్కనీలో ఆఖరి వరుస

ఆ హాల్లో బాల్కనీ ఆఖరి వరుసకి మంచి పేరు లేదు.

సినిమా హాల్లో మనిషి లేవగానే కుర్చీ అడుగుపలక దానంతటదే పైకి మడుచుకుంటుంది కదా. ఆ వరుసలో ఒక కుర్చీ మాత్రం మడుచుకోదు. ఎవరో కూర్చునే ఉన్నట్టు... కిందికే ఉంటుంది. ఊడ్చేవాళ్లు కూడా అటువైపు ఒంటరిగా వెళ్లరు. ఎందుకని అడిగితే తలా ఒక మాట. మెట్ల మీంచి ఎవరో పడ్డారని ఒకరంటారు, సినిమా చూస్తూ చూస్తూనే ఎవరో పోయారని ఇంకొకరంటారు. స్ప్రింగు పాడైందన్నవాడు మాత్రం ఒక్కడూ లేడు. పుకారుకున్న బలం స్ప్రింగుకి ఎక్కడిది!

ఇదంతా మా బావ చెప్పగా విన్నాను. బావంటే మా అక్క మొగుడు. అబద్ధమాడే మనిషి కాదు, ఒక్క విషయంలో తప్ప. ఆ ఒక్కటీ ముందు చెప్పేస్తాను.

బావ ఒక వారపత్రిక ప్రెస్సులో మిషన్ నడుపుతాడు. తెల్లారకముందే లేస్తాడు. చూసిన సినిమాల గురించి అక్కడ ఆయన చెప్పే కబుర్లు విని ఎడిటర్ గారే ముచ్చటపడి ఒక శీర్షిక ఇచ్చారు. పేరు ‘చూసొచ్చాను’. హాల్లో సినిమా కానీ, నాటకం కానీ, ఇంట్లో టీవీలో వేసుకున్న పాత బొమ్మ కానీ, చూసి తనకేమనిపించిందో రాయడమే పని. జనం ఎగబడి చదివేవారు.

జనానికి తెలియని సంగతేంటంటే, ఇంటర్వెల్ దాటితే బావ నిద్రపోతాడు. ఎంత గొప్ప సినిమా అయినా సరే. నాటకానికెళ్తే స్టేజీ మీద చచ్చి పడున్నవాడు కూడా ఆ గురకకి నవ్వాపుకోలేకపోయేవాడట. సెకండాఫ్ చూసేది మా అక్క. ఇంటికి నడుస్తూ చెప్పేది, కూరలు తరుగుతూ చెప్పేది, “అలా కాదు, సరిగ్గా రాయి” అని పక్కన నిలబడి దిద్దించేది. సగం బావ, సగం అక్క. అచ్చులో పేరు మాత్రం బావదే. అక్క అడగలేదు, బావ చెప్పలేదు.

పోయిన ఏడాది అక్క పోయింది. మామూలు జ్వరమే అనుకున్నాం.

అప్పట్నుంచీ శీర్షిక కూడా సగమే వస్తోంది. ‘మొదటి సగం బాగుంది’ అని రాసి ఏదో సర్దేస్తున్నాడు. పాఠకులు నవ్వడం మొదలుపెట్టారు. “ఏమయ్యా, నువ్వు చూసే సినిమాలకి క్లైమాక్సులుండవా?” అని ఎడిటర్ గారు కూడా అన్నారు. చివరికి తేల్చేశారు — “ఈ వారం పూర్తిగా రాయి. లేదంటే ఇంకొకరికిచ్చేస్తాను. ఏమీ అనుకోకు.”

బావకి పేరు పోతుందన్న దిగులు లేదు. ఆ శీర్షిక వాళ్లిద్దరిదీ. అది కూడా పోతే అక్క రెండోసారి పోయినట్టే. ఆ మాట ఆయనే నాతో అన్నాడు.

ఎడిటర్ గారు చూసి రమ్మన్న సినిమా ఆ హాల్లోనే ఆడుతోంది. ప్రెస్సు పని తెమిలేసరికి రాత్రి ఆటే మిగిలింది.

బాల్కనీలో నలుగురైదుగురికి మించి లేరు. బావ నేరుగా ఆఖరి వరుసకి నడిచాడు. ఏ హాల్లోనైనా అక్క అక్కడే కూర్చోబెట్టేది, గురక పెట్టినా ఎవరికీ ఇబ్బంది ఉండదని. టార్చి లైటు పట్టుకున్న గేటుమేన్ ఆగాడు.

“ఒక్కరేనా సార్?”

“ఒక్కణ్నే.”

“ముందు వరుసలన్నీ ఖాళీయే కదండీ...” అని గొణిగాడు. బావ కదల్లేదు. టార్చి తొందర తొందరగా కిందికి వెళ్లిపోయింది.

పక్క కుర్చీ పలక కిందికుంది. బావ చేత్తో పైకి మడిచాడు. అది కాసేపు ఆగి... మెల్లిగా... మళ్లీ కిందికి దిగింది.

మొదటి సగం గడిచింది. ఇంటర్వెల్లో రెండు కప్పుల టీ తాగాడు. మొహం మీద నీళ్లు కొట్టుకున్నాడు. ఇవాళ చచ్చినా రెప్ప వాల్చకూడదని ఒట్టు పెట్టుకుని వచ్చి కూర్చున్నాడు.

లైట్లు ఆరాయి.

టక్...

తలుపు దగ్గర. టక్... టక్... మెట్టు మెట్టూ వెతుక్కుంటూ ఆ చప్పుడు పైకొచ్చింది. బావ కూర్చున్న వరుసలోకే తిరిగింది. అవతలి చివర ఒక కుర్చీ కిర్రుమంది. తర్వాత ఏమీ లేదు.

బావ తల తిప్పలేదు. తిప్పితే ఏం కనిపిస్తుందోనని మెడ బిగపట్టుకుని తెర వైపే చూశాడు. అంతలో ఇంకా దగ్గరగా... చెవి పక్కనే... ఎవరో ఊపిరి తీసుకున్నట్టయింది.

అంత భయంలో ఎవడికైనా నిద్ర పడుతుందా? మా బావకి పట్టింది.

కళ్లు తెరిచేసరికి లైట్లు వెలిగి ఉన్నాయి. తెర తెల్లగా ఉంది. కింద జనం తలుపుల్లోంచి బయటికి పోతున్నారు.

బావ ప్రాణం ఉసూరుమంది. శీర్షిక పోయినట్టే. కాళ్లీడ్చుకుంటూ మెట్లు దిగాడు. బయట గేటు దగ్గరికి వచ్చాడో లేదో, వెనక నుంచి మళ్లీ...

టక్... టక్...

గిరుక్కున తిరిగాడు.

నల్లకళ్లద్దాలు, చేతిలో తెల్లకర్ర. చూపులేని పెద్దాయన. సినిమాకొచ్చి వినిపోవడం ఆయనకి అలవాటట. కింద స్పీకరు చెవులు బద్దలు కొడుతోందని ఇంటర్వెల్ తర్వాత బాల్కనీలోకి మారాడట. ఇంతేనా అనుకుని బావ హమ్మయ్యా అని ఊపిరి పీల్చుకున్నాడు. వెంటనే ఆశ కూడా పుట్టింది. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినా చాలు కదా!

“పెద్దాయనా, ఏమీ అనుకోకండి... కాస్త సెకండాఫ్ ఏమైందో చెప్తారా? మీ వరుసలోనే ఉన్నాను, కునుకు పట్టేసింది.”

ఆయన నవ్వాడు. “నన్నడుగుతారేంటి బాబూ? మీ ఆవిడ చెప్తుంటేనే కదా నేనూ విన్నాను.”

బావ ఒక అడుగు వెనక్కి వేశాడు.

“ఎంత ఓపికండీ ఆవిడకి! మీరు గుర్రు పెడుతున్నా ఆపలేదు. ఎవరొచ్చారు, ఏ రంగు చీర కట్టారు, ఎవరి కళ్లల్లో నీళ్లు తిరిగాయి... అన్నీ గుసగుసగా చెప్తూనే ఉన్నారు. మధ్యలో ‘మొద్దు మనిషి’ అని మిమ్మల్ని తిట్టుకున్నారు కూడా. నా బతుకులో మొదటిసారి ఒక సినిమా చూశాను బాబూ.”

“నా పక్కన... ఎవరూ లేరండీ.”

“నాకు ఎలాగూ కనబడదు,” అన్నాడు పెద్దాయన. “చెవులు మాత్రం మోసం చెయ్యవు.”

ఆయన కూతురు స్కూటరు తెచ్చి ఆపింది. చెయ్యి పట్టుకుని ఎక్కించుకుంది. పెద్దాయన సర్దుకుని కూర్చుని, తల హాలు వైపు తిప్పి ఒక్క క్షణం ఆగాడు.

“ఆవిణ్నే అడగండి. ఇంకా పైనే ఉన్నారుగా. మిమ్మల్నే పిలుస్తున్నారు... వినబడట్లేదూ?”

స్కూటరు వెళ్లిపోయింది. పైన ఒక్కో లైటూ ఆరిపోతోంది. గేటుమేన్ తాళం చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

బావ మళ్లీ మెట్లెక్కాడు. ఇంతవరకే చెప్పాడు నాకు. “పైన ఏమైంది బావా?” అని ఎన్నిసార్లడిగినా, “శీర్షిక వచ్చాక చదువు” అంటాడు తప్ప ఇంకో మాట లేదు.

శీర్షిక వచ్చింది. ఎడిటర్ గారు పొంగిపోయారు. సెకండాఫ్ పూసగుచ్చినట్టు ఉంది. చదువుతుంటే అక్క వంటింట్లోంచి చెప్తున్నట్టే ఉంది. నేను ఏడ్చాను.

తర్వాత ఆగలేక నేనూ ఆ సినిమాకి వెళ్లాను. పగటి ఆటకి, కింద, జనం మధ్యలో కూర్చున్నాను. బావ రాసింది రాసినట్టే జరిగింది, చీరల రంగులతో సహా. ఒక్క చోట తప్ప. చివర్లో సినిమా కథలోని ఇల్లాలు గుమ్మంలో ఆగి, వెనక్కి తిరిగి, “వచ్చే వారం కూడా రా. ఒక్కడివే రా” అంటుందని బావ రాశాడు.

సినిమాలో ఆవిడ నోరే విప్పదు. తలుపేసుకుంటుంది, అంతే.

ఈ వారం నేనూ వస్తానన్నాను. బావ వద్దని ఒక్కడే వెళ్లాడు.