ఇద్దరికీ కలిపి కట్టిన గది

సింహాద్రి తన భార్య సీతాలుకి తల దువ్వుతుండగా ఆశ్రమం ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. ఆమెకి దిండు ఆసరా పెట్టి వెళ్లాడు.

రెండువేల నాలుగులో స్టీల్‌ప్లాంటులో రిటైరై, ఉక్కునగరంలో క్వార్టరు ఖాళీ చేసినప్పుడు, చేతికొచ్చిన ఆరు లక్షలూ భీమిలి రోడ్డులోని ఈ వృద్ధాశ్రమానికి ఒకేసారి కట్టేశాడు. బతికున్నంతకాలం ఇద్దరికీ గది, భోజనం. నెలనెలా కట్టేదేమీ లేదు. మధ్యలో వెళ్లిపోతే మాత్రం, ఆ గదిలోకి మరొకరు డబ్బు కట్టి చేరాకే సగం తిరిగిస్తారు. ఆ మాట అప్పుడాయన పట్టించుకోలేదు. వెళ్లే ఉద్దేశమే లేదు మరి.

మేనేజరు గవర్రాజు మెత్తగానే చెప్పాడు. "బాబాయ్, పిన్ని మంచం మీంచి లెగలేకపోతన్నాది. మీరు కట్టింది గదికీ తిండికీని. ఆయాని పెట్టాలంటే నెలనెలా వేరేగా కట్టాల. నేదంటే ఇంటికి తీసుకెల్లిపోండి."

"నాను సూసుకుంతన్నాను కదా."

"నిన్న బాత్రూములో ఇద్దరూ పడిపోనారు."

"అయితే మా డబ్బులిచ్చీండి."

"ఖాళీ గదులే సానా ఉన్నాయి బాబాయ్. కొత్తగా ఎవులూ సేరతం నేదు."

కబురందుకుని కూతురు దేవి గాజువాక నుంచి వచ్చింది. ఆమెది రెండు గదుల అద్దె ఇల్లు. ఒక గదిలో పక్షవాతంతో అత్తగారు.

వరండాలోనే తండ్రిని నిలదీసింది. "ఉన్నదంతా ఈల్ల సేతిలో పోసేసినావు. నన్నొక్క మాట అడిగినావేటి? నాను పరాయిదాన్నయిపోనానా?"

"మీ అత్తకి నువ్వు సేత్తన్న సాకిరీ సూసినానమ్మా. మీ అమ్మని కూడా నీ నెత్తినెట్టమంతావా?"

దేవి కోపమంతా కన్నీళ్లయి దిగిపోయింది. కళ్లు తుడుచుకుని, "అమ్మని నాను తీసుకెల్తాను," అంది. "ఇద్దరికీ అయితే సోటు నేదు నాన్నా."

"నాను కూడా వచ్చెస్తే గదీ పోద్ది, డబ్బూ రాదు. ఇక్కడే ఉంటాను."

తండ్రీకూతుళ్లిద్దరూ కలిసి సీతాలుని ఎత్తుకొచ్చి ఆటోలో కూర్చోబెట్టారు. పక్కనే కూర్చున్న కూతురి భుజానికి ఆనుకున్న ఆమె, పక్కకి జరగాలని చూసింది.

"ఎక్కు. సోటుంది కదా," అంది భర్తతో.

ఆయన రావడం లేదని ఆమెకింకా ఎవరూ చెప్పలేదు. దేవి తండ్రి చెయ్యి పట్టుకుని వదల్లేదు. విడిగా ఉండకూడదనే కదా ఉన్నదంతా కట్టాను, అనుకున్నాడు సింహాద్రి. కూతురి వేళ్లు నెమ్మదిగా విడిపించుకుని, భార్య చీర చెంగు చక్రంలో పడకుండా లోపలికి సర్దాడు.

"పోనీవయ్యా," అన్నాడు డ్రైవరుతో.