మూడుసార్లు మిణకని దీపం

పసిఫిక్ సముద్రంలోని మా తువాలు దీవిలో చీకటి పడ్డాక డీజిల్ షెడ్డు వెనక్కి ఎవరూ వెళ్ళరు. ఊరికి కరెంటిచ్చే ఇంజన్ ఆగాక అక్కడి పీపాలు... టంగ్... టంగ్... అని మోగుతాయి. సముద్రంలో పోయిన వైసువా తడుతున్నాడని ఊరి మాట.

పగలు ఎండకి ఉబ్బిన ఇనప పీపాలు రాత్రి చల్లబడితే మోగుతాయని ఇంజన్ నడిపే పెనితుసికి తెలుసు. తెలిసీ వాడికి చెమటలు పట్టేవి. ఎందుకు పట్టవు మరి!

రోజూ రాత్రి పదింటికి దీపాలు మూడుసార్లు మిణికించాలి. అది చూసి చేపల పడవలు, రేవు దీపం వెలుగులో పగడపు దిబ్బ సందు దాటి లోపలికొస్తాయి. పావుగంట ఆగి స్విచ్ దించాలి. కిందటేడు ఒక రాత్రి మాత్రం — దీవి అవతలి కొసన ఆటలు, పులిసిన కొబ్బరి కల్లు. పెనితుసి తొమ్మిదింటికే స్విచ్ దించేసి పోయాడు. మిణుకూ లేదు, పాడూ లేదు.

వైసువా పడవ దిబ్బకి కొట్టుకుంది.

"డీజిల్లో నీళ్ళు కలిసి ఇంజన్ ఆగిపోయింది" అన్నాడు పొద్దున్నే. ఊరు నమ్మింది. శవం దగ్గర అందరికంటే గట్టిగా ఏడ్చిందీ వాడే!

ఏడాది గడిచింది. మొన్నొక రాత్రి పద్ధతిగా మిణికించి, పావుగంట ఆగి, స్విచ్ దించాడు.

టంగ్...

తర్వాత — తలుపు మీద. దబ్. దబ్.

పీపాలు చల్లబడి మోగుతాయి. తలుపు మోగదే!

"ఎ... ఎవరు?"

తలుపు సందులోంచి ఉప్పునీటి వాసన... ఎవరో రొప్పుతున్న చప్పుడు.

పెనితుసి కూలబడ్డాడు. "వైసువన్నా... ఇంజన్ చెడలేదన్నా. నేనే తీసేశాను... కల్లు కోసం. వదిన మొహం చూడలేక చస్తున్నాను. నా పిల్లల జోలికి మాత్రం రాకు..."

తలుపు తోసుకొచ్చింది వైసువా పెళ్ళాం లోసా. నడుందాకా తడిసి ఉంది. పరిగెత్తిన రొప్పు ఇంకా తగ్గలేదు.

"వదినా... విన్నావా?"

"కొత్తగా వినేదేముందిరా? ఇంజన్ చచ్చేప్పుడు దీపాలు ఎర్రబడి మెల్లగా పోతాయి. ఆ రాత్రి ఠక్కున పోయాయి. నీ ఏడుపుకి నవ్వాలో ఉమ్మాలో తెలీక ఊరుకున్నాను."

కాళ్ళు పట్టుకోబోయాడు. ఆమె వెనక్కి జరిగింది.

"తర్వాత ఏడువు. నీళ్ళలోకి దిగి చూశాను, వేటకెళ్ళిన మా పెద్దాడు ఇంకా దిబ్బ దాటలేదు. లేపు ఇంజన్ని!"

ఇంజన్ అందుకుంది. రేవు దీపం వెలిగింది. నీళ్ళు తప్ప ఏమీ లేదు... ఏమీ లేదు...

చీకట్లోంచి ఒక కేక — "దీపం ఆర్పకండోయ్!"

అచ్చం వైసువా గొంతు.

కొడుక్కి తండ్రి గొంతు రావడం వింతేం కాదు. లోసా ఏడుస్తూ, నవ్వుతూ నీళ్ళలోకి పరిగెత్తింది.

పెనితుసి మాత్రం తెల్లారేదాకా స్విచ్ దగ్గర్నుంచి కదల్లేదు.