ఘోషరంగానికి నడిచి వెళ్ళిన ఇద్దరు

సోమపురి రాజ్యానికి ప్రాణాధారం చిత్రవాహిని అనే నది. పడమటి కొండల్లో పుట్టిన ఆ నది ఒక వేసవిలో ఉన్నట్టుండి ఎండిపోయింది. కొండల మీద కొత్తగా కోట కట్టుకున్న ఘోరఘోషుడనే రాక్షసుడు నది గొంతులో పెద్ద బండరాయి దొర్లించి, నీళ్ళన్నీ తన కోట వెనక నిలవ చేసుకున్నాడు.

ధర్మకేతు మహారాజు సైన్యాన్ని పంపాడు. రాక్షసుడు కోటగోడ మీద నిలబడి ఒక్క కేక వేశాడు. ఆ కేకకు ఏనుగులు బెదిరి సైనికులనే తొక్కుకుంటూ వెనక్కు పరుగెత్తాయి. ఆ తరువాత రాక్షసుడి దూత సభకు వచ్చి ఇలా చెప్పాడు:

"మా ప్రభువుకు కాలిబంతి ఆటంటే ప్రాణం. ఏటా వైశాఖ పౌర్ణమికి మీ ఆటగాళ్ళను పదకొండుమందిని పంపండి. మా ఘోషరంగంలో, మా రాతితోరణం గుండా ఒక్కసారి బంతిని దాటిస్తే నది మీది. పొద్దుగూకేలోగా దాటించలేకపోతే ఆ పదకొండుమందీ మావాళ్ళు."

సోమపురిలో కాలిబంతి ఆడని వీధి లేదు. అందుకే రాజు ధైర్యంగా ఒప్పుకున్నాడు. కాని మొదటి ఏడు, పౌర్ణమికి నెల ముందే రాక్షసుడు పంపిన మబ్బురథం ఎక్కి వెళ్ళినవారు తిరిగి రాలేదు. రెండో ఏటివారూ రాలేదు. మూడో ఏడు యువరాజు జయంతుడు తానే జట్టుకు నాయకుడై బయలుదేరాడు. రథం మబ్బుల్లో కలిసిపోయాక, ఇక తన ప్రజల్లో ఒక్కరినీ పోగొట్టుకోలేనని, ఎవరూ కొండలవైపు పోరాదని రాజు చాటింపు వేయించాడు.

ఆ జట్టులో సాంబయ్య అనే యువకుడు ఉన్నాడు. అతడి చెల్లెలు నాంచారి. తల్లిదండ్రులు లేని ఆ ఇద్దరికీ ఊరి చివర ఒక జొన్నచేను ఉండేది. నాంచారి మంచె మీద నిలబడి, వడిసెల తిప్పుతూ పిట్టలను అదిలించేది. ఆమె కేక వేస్తే నాలుగు చేల అవతలి పిట్టలు కూడా లేచిపోయేవి.

మబ్బురథం వెళ్ళిన కొద్ది రోజులకే, కట్టెలకు పోయినవాళ్ళు అడవిలో ఒక మనిషిని చూసి మోసుకొచ్చారు. అతడు మొదటి ఏడు వెళ్ళిన గవరయ్య. కాలు విరిగి పనికిరాకుండా పోయాడని రాక్షసుడు అతణ్ణి కొండ మీదనుంచి తోసేశాడు. గవరయ్యా అని ఎందరు పిలిచినా అతడు పలకలేదు. వాళ్ళమ్మ పరుగున వచ్చి, అతడి తల ఒళ్ళో పెట్టుకుని, "బుడ్డోడా, నేనురా" అంది. అంతే, అతడు భోరుమన్నాడు.

"అక్కడ వేలమంది కూర్చుని ఒక్క గొంతుతో అరుస్తారమ్మా" అన్నాడు గవరయ్య, ఏడుపు ఆపుకుంటూ. "మనకోసం అరిచేవాడు ఒక్కడుండడు. కాసేపటికి మన పేరు మనకే గుర్తుండదు. బంతి కాళ్ళ దగ్గరే ఉంటుంది, ఎటు తన్నాలో తెలియదు."

జనంలో నిలబడి నాంచారి ఈ మాటలు విన్నది. ఆమె ఇంటికి పోలేదు. నేరుగా ఆటగాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, వాళ్ళ తల్లులను, అమ్మమ్మలను చిన్నప్పటి ముద్దుపేర్లు అడిగింది. ఒకడు ఉడత, ఒకడు గుమ్మడి, ఒకడు మిరియం. తన అన్న సంగతి ఆమెకు తెలిసిందే. ఆలస్యంగా పాకడం నేర్చినందుకు వాళ్ళమ్మ అతణ్ణి తాబేలు అనేది. అందరి పేర్లూ పాటలా కట్టుకుని, చివరకు ఆమె రాజసభకు వెళ్ళింది.

"మహారాజా, తమ ఆజ్ఞ మీరి నేను ఘోషరంగానికి పోతున్నాను. నన్ను శిక్షించినా సరే, ముందు యువరాజుగారి ముద్దుపేరు చెప్పండి" అన్నది.

సభలో కొందరు నవ్వారు. రాజు నవ్వలేదు. అందరినీ బయటికి పంపి, ఎండిన నది కనిపించే కిటికీ దగ్గరకు వెళ్ళాడు.

"ఉంది" అన్నాడు. "వాళ్ళమ్మ పెట్టింది. వాడికి మాటలు వస్తున్న రోజుల్లోనే ఆమె పోయింది. ఆ పేరు పలికితే ఆమె గొంతు వినిపించినట్టుండేది. అందుకే మానేశాను. వాడు నన్ను మహారాజా అంటాడు, నేను వాణ్ణి యువరాజా అంటాను. ఇన్నేళ్ళూ అలాగే గడిచిపోయింది."

"నాకు చెప్పండి ప్రభూ. నేను పిలుస్తాను."

రాజు పెదవులు కదిలాయి. మాట బయటికి రాలేదు. ఆయన కళ్ళు తుడుచుకుని, "అది నువ్వు పిలవాల్సిన పేరు కాదమ్మా. నేనే వస్తాను" అన్నాడు.

రాజముద్రిక మంత్రి చేతిలో పెట్టి, గొంగడి కప్పుకుని, మొద్దు చెప్పులు తొడుక్కుని, ధర్మకేతు మహారాజు నాంచారి వెంట బయలుదేరాడు.

దారిలో మొదట మరులుతీగల అడవి అడ్డం వచ్చింది. ఆ తీగ తొక్కినవాడు తన దారి మరిచిపోతాడు. నాంచారి నేల చూసుకుంటూ నడిచింది గాని, అలసిన రాజు ఒకచోట కాలు తప్పాడు. వెంటనే ఆయన చూపు మారిపోయింది. "ఎవరు నువ్వు? నా గుర్రమేది? వేటకు వేళయింది" అంటూ పొదల్లోకి పోబోయాడు. నాంచారి ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. ఆయన విదిలించాడు, కసిరాడు, రాజదండన తప్పదన్నాడు. అయినా ఆమె వదలక ఆయనను లాక్కుంటూ అడవి దాటించి, ఒక కొండచరియ కింద తపస్సు చేసుకుంటున్న ముని దగ్గరకు తీసుకువచ్చింది.

ముని కమండలంలోని నీళ్ళు రాజు పాదాల మీద చల్లగానే ఆయనకు తెలివి వచ్చింది. నాంచారి చేతి మీద తన గోళ్ళు గీసిన గాట్లు చూసి ఆయన తల వంచుకున్నాడు.

"స్వామీ, ఘోరఘోషుణ్ణి గెలవడం ఎలా?" అని నాంచారి అడిగింది.

"వాడి బలం కండల్లో లేదు తల్లీ. ఆ రంగంలో వేలమంది పెట్టే అరుపే వాడి ప్రాణం. వాళ్ళంతా ఒకప్పుడు నానా దేశాలనుంచి ఆడటానికీ చూడటానికీ వచ్చినవాళ్ళే. ఎవరి ఊరూ ఎవరికీ గుర్తులేదు. ఆ ఘోష ఒక్క క్షణం ఆగితే వాడు ఊక తీసిన బొమ్మలా కూలిపోతాడు."

"దాన్ని ఎలా ఆపాలి?"

"నాకు తెలియదు" అన్నాడు ముని నిజాయితీగా. "ఇంతవరకు ఎవరూ ఆపలేదు."

అక్కడినుంచి వాళ్ళు ఎండిన నదిలోనే ఎగువకు నడిచారు. కొండ మొదట్లో నది ఒకప్పుడు బయటికి వచ్చే సొరంగం ఉంది. దాని ముందు ఇంకిపోతున్న బురదగుంటలో ఒక ముసలి మొసలి పడి ఉంది. దాని వీపు మీద పిల్లలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"లోపల చీకట్లో వేయి దారులున్నాయి" అన్నది మొసలి మనిషి గొంతుతో. "నిజమైన దారి నాకొక్కదానికే తెలుసు. కాని కదిలే శక్తి లేదు. మీ తిత్తిలో నీళ్ళున్నాయి కదా?"

తిత్తి రాజు భుజాన ఉంది. ఆయన నాలుక అప్పటికే పిడచకట్టుకుపోయి ఉంది. పుట్టి బుద్ధెరిగాక ఆయన దాహం ఎరగడు. తిత్తి మూతి మీద చెయ్యి వేసి ఒక్క నిమిషం నిలబడ్డాడు.

"నాంచారీ, నా ప్రజలు మూడేళ్ళుగా ఇలాగే ఉన్నారా?" అని అడిగాడు.

"ఇలాగే ప్రభూ."

రాజు మోకాళ్ళ మీద కూర్చుని, నీళ్ళన్నీ చుక్క మిగల్చకుండా మొసలిపిల్లల నోళ్ళలోనూ, తల్లి కళ్ళ మీదా పోశాడు. మొసలి లేచింది. ఇద్దరినీ వీపు మీద ఎక్కించుకుని సొరంగంలో ఈడ్చుకుంటూ పోయి, పౌర్ణమినాటి ఉదయానికి కొండ అవతల దించింది.

ఎదురుగా ఘోషరంగం కనిపించింది. కొండ నడుమను గిన్నెలా తొలిచి, చుట్టూ వరుస మీద వరుసగా రాతిమెట్లు కట్టారు. పై వరుస మబ్బులను తాకుతున్నది. నాలుగు దిక్కుల ద్వారాలనుంచీ జనం ఏరుల్లా లోపలికి పోతున్నారు. వాయువ్య మూలన మాత్రం ఒక ఇరుకు ద్వారం, దాని ముందు ఒక కావలి రక్కసి ఉన్నాయి.

"ఏ పక్షం?" అని గర్జించింది రక్కసి.

"సోమపురి పక్షం."

రక్కసి వాళ్ళను ఎగాదిగా చూసింది. "పరాయి పక్షానికి ఈ ద్వారం కట్టారు గాని, ఇంతవరకు ఒక్కరూ రాలేదు. మెట్ల మీద గడ్డి మొలిచింది. లోపలికి ఏ వస్తువూ పోకూడదు. మీవాళ్ళు ఓడితే మీరూ ఇక్కడే ఉండిపోవాలి. ఇష్టమేనా?"

ఇష్టమేనన్నారు ఇద్దరూ. రక్కసి నాంచారి వడిసెల లాక్కుంది, రాజు చేతికర్ర లాక్కుంది, ఖాళీ తిత్తి కూడా లాక్కుంది. వట్టి చేతులతో వాళ్ళు గడ్డిమెట్లు ఎక్కి, చుట్టూ ఇనుపకటకటాలు బిగించిన ఒక మూలన కూర్చున్నారు.

కింద మైదానం పచ్చగా, తడిగా మెరుస్తున్నది. చుట్టూ సన్నటి కాలువల్లో నీళ్ళు పారుతున్నాయి. "అది మన నది" అన్నాడు రాజు మెల్లగా.

కటకటాల అవతల ఒక ముసలాయన వేరుశనక్కాయలు వలుచుకుంటున్నాడు. నాంచారి ఆయనను, "నీ పేరేంటి తాతా?" అని అడిగింది.

"పేరా?" అన్నాడాయన ఆశ్చర్యంగా. "అదెందుకూ?"

అంతలో శంఖం మోగింది. ఎత్తైన సింహాసనం మీద ఘోరఘోషుడు కొండలా కూర్చున్నాడు. వేలమంది ఒక్కసారి లేచి, "ఘోర ఘోష! ఘోర ఘోష!" అని అరిచారు. కూర్చున్న రాయి కంపించింది. రెండు జట్లూ మైదానంలోకి వచ్చాయి. రాక్షసుడి జట్టును నాంచారి గుర్తుపట్టింది. వాళ్ళు మొదటి రెండేళ్ళూ వెళ్ళిన సోమపురి పిల్లలే. వాళ్ళ కళ్ళల్లో వెలుగు లేదు.

ఆట మొదలయింది. మొదట జయంతుడి జట్టు చక్కగానే ఆడింది. ఎండ ఎక్కిన కొద్దీ ఘోష పెరిగింది. ఒక్కొక్కరే తడబడసాగారు. మధ్యాహ్నం వాలేసరికి సాంబయ్య మైదానం నడుమ నిలబడి, తన చేతులు ఎవరివో అన్నట్టు చూసుకుంటున్నాడు.

నాంచారి కటకటాల మీదికి ఎక్కింది. చేను మీద గువ్వలదండు వాలినప్పుడు వేసే కేక వేసింది.

"తాబేలూ! ఓ తాబేలూ! నేనిక్కడున్నాను!"

సాంబయ్య ఉలిక్కిపడి తలెత్తాడు. ఆ ఎత్తున, ఖాళీ మెట్ల మధ్య రెండు చిన్న రూపాలు కనిపించాయి. అతడు చెయ్యి ఊపి పరుగు అందుకున్నాడు. ఆమె మరొక పేరు పిలిచింది. ఉడత కదిలాడు. గుమ్మడి కదిలాడు. ఘోషను చీల్చుకుని ఒక్కో పేరు కిందికి దిగినప్పుడల్లా ఆమె గొంతులో నెత్తురు రుచి తగిలింది. అవతలి ముసలాయన ఎందుకో తెలియకుండానే ఒక బెల్లంముక్క అందించాడు. పదో పేరు పిలిచాక నాంచారి గొంతు పూర్తిగా పోయింది.

పదిమందీ కలిసి బంతిని తోరణం దాకా తెచ్చి జయంతుడి ముందుకు తోశారు. జయంతుడు కదల్లేదు. పొద్దు కొండ అంచుకు దిగింది. బంతి కాళ్ళ దగ్గర పెట్టుకుని, అతడు తిరునాళ్ళలో తప్పిపోయిన పసివాడిలా చుట్టూ చూస్తున్నాడు.

నాంచారి రాజు వైపు తిరిగింది. ఆయన కటకటాలు పట్టుకుని నిలబడ్డాడు. నోరు తెరుస్తున్నాడు, మాట రావడం లేదు. ఆమె మాట్లాడలేక ఆయన చెయ్యి పట్టుకుని తన పక్కకు, పైకి లాగింది. అక్కడినుంచి ఆయనకు కొడుకు ముఖం కనిపించింది.

"వెన్నముద్దా!" అని అరిచాడు ధర్మకేతు మహారాజు. "ఒరేయ్ వెన్నముద్దా! ఇటు చూడరా! నేనురా, నాన్నను!"

కటకటాల అవతలివాళ్ళు గిరుక్కున తిరిగారు. నెరిసిన గడ్డంతో ఒక పెద్దమనిషి, కండలు తిరిగిన యోధుణ్ణి చూసి వెన్నముద్దా అని ఏడుస్తూ పిలుస్తున్నాడు! ముసలాయన ఫక్కున నవ్వాడు. పక్కవాడు నవ్వాడు. ఆ నవ్వు వరుసనుంచి వరుసకు పాకి రంగమంతా చుట్టేసింది. నవ్వే నోళ్ళు అరవడం మరిచాయి.

"మా అమ్మ నన్ను సున్నుండా అనేది" అన్నాడు ముసలాయన, నవ్వుతూ నవ్వుతూ కన్నీళ్ళు పెట్టుకుని. "అవును... మాది ఏటిపాలెం!"

ఘోష ఆగిపోయింది. ఎవరెవరో తమ పేర్లు తాము చెప్పుకుంటున్న గుసగుసలు మాత్రం వినిపిస్తున్నాయి. సింహాసనం మీద ఘోరఘోషుడు కేక వేయబోయాడు, గాలి తప్ప ఏమీ రాలేదు. వాడి ఒళ్ళు ముడతలు పడి, కుంచించుకుపోయి, చివరకు ఖాళీ కవచం ఒక్కటే మెట్ల మీద దొర్లింది.

జయంతుడు తండ్రిని చూశాడు. అడ్డు నిలవవలసిన ఆటగాళ్ళు తెలివి వచ్చి పక్కకు తప్పుకున్నారు. అతడు రెండడుగులు వెనక్కు వేసి బంతిని తన్నాడు. అది రాతితోరణం గుండా దూసుకుపోయింది. వెనువెంటనే కోట వెనక బండరాయి బద్దలైన చప్పుడు, దాని వెంట నీటి హోరు వినిపించాయి.

మర్నాడు అందరూ నది వెంబడే ఇంటిదారి పట్టారు. ఇతర దేశాలవాళ్ళు తమ తమ దారులు చీలేచోట ఒకరినొకరు పేరుపెట్టి పిలుచుకుంటూ సెలవు తీసుకున్నారు. నాంచారికి ఇంకా మాట రాలేదు. సాంబయ్య ఆమెను అడుగు కూడా వేయనివ్వక భుజాల మీద ఎక్కించుకున్నాడు. ఊరు చేరాక ఆమె గొంతు కొద్దికొద్దిగా తిరిగి వచ్చింది గాని, జీవితాంతం బొంగురుగానే ఉండిపోయింది. జయంతుడు సింహాసనం ఎక్కిన నాడు మొదటి ఆజ్ఞగా, సోమపురి జట్టు ఎక్కడికి ఆడబోయినా రాజ్యం ఖర్చుతో ఊరివాళ్ళు వెంట వెళ్ళాలనీ, వాళ్ళకు నాంచారి పెద్దగా ఉండాలనీ శాసనం చేశాడు.

కాని అదంతా తరువాతి మాట. ఆ రోజు నది ఒడ్డున, తండ్రీకొడుకులు అందరికన్నా వెనకగా నడుస్తున్నారు.

"నాన్నా" అన్నాడు జయంతుడు. ఆ మాట అనడం అతడికి కొత్త. "అమ్మ ఎలా ఉండేది?"

రాజు ఆగి, చెప్పులు విడిచి, కొత్తనీళ్ళలో పాదాలు తడుపుకున్నాడు. ఆ తరువాత చెప్పడం మొదలుపెట్టాడు. కోట బురుజులు కనిపించేవేళకు కూడా ఇంకా చెబుతూనే ఉన్నాడు.